వంటావిడ పేరు

"చిన్న కుక్కరు చాలండీ," అన్నాను.

"ఎనిమిదిమందికి చిన్న కుక్కరేంటి ఇంద్రా? సాయినాథ్ ఒక్కడికే ఒక వాయి కావాలి."

"రెండుసార్లు పెడతాం. పెద్దది పెడితే సూట్‌కేసులో ఇంకేం పట్టదు."

"రెండుసార్లు పెట్టాలంటే నీకే కదా కష్టం? నీకోసమే చెప్తున్నా, నాదేం పోయింది."

ఆదివారం పొద్దున, ఆక్లండ్ శివారు టకానినిలో మా ఇంటి హాల్లో, తెరిచిన సూట్‌కేసుకి అటొకరం ఇటొకరం నిలబడి రైస్ కుక్కరు గురించి పోట్లాడుకుంటున్నాం. నేను పెద్దది తీసి చిన్నది పెడుతున్నాను. మా ఆయన చిన్నది తీసి పెద్దది పెడుతున్నారు. సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చున్న మా అత్తగారు వేదవతిగారు తీర్పు చెప్పేశారు. "పెద్దదే పెట్టమ్మాయ్. మగాళ్ళు సముద్రంలో ఈతలు కొట్టొచ్చాక ఆకలి మామూలుగా ఉండదు." మా అమ్మాయి నిరుపమ ఫోనులోంచి తలెత్తకుండానే, "ఇట్స్ అ రొమాంటిక్ ట్రిప్, రైట్?" అంది. పెద్ద కుక్కరు సూట్‌కేసు మధ్యలో కూర్చుంది. అది కదలకుండా ఆయన దాని చుట్టూ నా బట్టలు కుక్కారు.

పెళ్ళై పదిహేనేళ్ళయింది కదా, ఈ చలికాలం ఏదైనా దీవికి వెళ్దాం అన్నది ఆయనే. విజయకుమార్ అంత మాట అనడం అరుదు కాబట్టి నేను రెండు రోజులు ఆ మాటని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మూడో రోజుకి అది ఆయన స్నేహితుడు సాయినాథ్ వాళ్ళతో కలిపి నాలుగు జంటల ప్రయాణమైంది. "మనిద్దరమే వారం రోజులు అక్కడ ఏం చేస్తాం?" అన్నారు. నేను నవ్వాను. నవ్వకపోతే ఆ ప్రశ్నకి జవాబు వెతకాల్సి వచ్చేది. ఏర్పాట్లన్నీ నాకు అప్పగించారు. "నువ్వింట్లోనే ఉంటావుగా, కొంచెం చూడు." కొంచెం చూడడం నాకు చేతకాదు. ఏ పని పట్టుకున్నా మూలమూలలా చూస్తాను. రారటోంగా దీవి వాతావరణం, పగడపు దిబ్బ లోపల నీళ్ళు ఎక్కడ లోతు తక్కువ, ఏ వైపు సూర్యాస్తమయం కనిపిస్తుంది, అన్నీ చదివాను. ఒక్కో జంటకీ ఒక్కో చిన్న కుటీరం, వాకిట్లోనే నీళ్ళు, పొద్దున ఫలహారం వాళ్ళే తెచ్చిపెట్టే చోటొకటి దొరికింది. ఫోటోలు చూపిస్తే ఆయన వంటగది ఎక్కడుందని అడిగారు. లేదన్నాను. "మూడో రోజుకి ఆ చేపముక్కలూ సలాడ్లూ చూస్తే ఏడుపొస్తుంది ఇంద్రా. మధ్యాహ్నం పప్పుచారు పడకపోతే నాకది సెలవులా ఉండదు." మిగతా ముగ్గురు మగవాళ్ళూ వాట్సాప్‌లో బొటనవేళ్ళు పెట్టారు. అలా కుటీరాలు పోయి, పెద్ద వంటగది ఉన్న పెద్ద ఇల్లు వచ్చింది.

న్యూజిలాండ్‌లో మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా ఇంతే. ఇల్లు అద్దెకి తీసుకోవడం, కుక్కరూ పొడులూ ఊరగాయలూ కారెక్కించడం. రెండేళ్ళ క్రితం టౌపో సరస్సు దగ్గర మగవాళ్ళు వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని పాటలు పాడుతుంటే మేం చపాతీలు ఒత్తాం. కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిలోంచి వాళ్ళు కనిపించారు. "మీ ఆడవాళ్ళకి కబుర్లకి కిచెనే బాగుంటుంది," అని ఆయన తడి తల లోపలికి పెట్టి, ఒక చపాతీ చుట్టుకుని వెళ్ళిపోయారు. ఈసారి రారటోంగా తేదీరేఖకి అవతల, మనకంటే ఒక రోజు వెనక. గురువారం పొద్దున ఆక్లండ్‌లో విమానం ఎక్కితే బుధవారం మధ్యాహ్నం దిగుతాం. "చూశావా, ఒక రోజు ఫ్రీ!" అని సంబరపడ్డారు. ఆ రోజు కూడా పప్పు నానబెట్టాలని నాకు అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

అసలు సంగతి ఇవేవీ కాదు. పోయిన వారం ఆ ఇల్లు చూసుకునే టెపాయెరు అనే ఆవిడ ఫోన్‌లో వీడియో కలిపి ఇల్లంతా చూపించింది. బుకింగ్ ఆయన పేరు మీద ఉంది కాబట్టి నన్ను మిసెస్ కుమార్ అంటోంది. పెద్ద మనిషి, జుట్టులో తెల్లపువ్వు, గొంతులో తొందర లేదు. జంటలకి ఇసుకలోనే భోజనం బల్ల వేస్తామనీ, ఏ సాయంత్రం కావాలో చెప్పమనీ అడిగింది. నేను స్టవ్ మీద ఎన్ని పొయ్యిలున్నాయని అడిగాను. ఆవిడ చూపించింది. తాలింపు ఘాటు పోవడానికి ఫ్యాన్ ఉందా అన్నాను. వేసి చూపించింది. పెద్ద గిన్నెలున్నాయా అన్నాను. అలమరలన్నీ ఓపిగ్గా తెరిచింది. తర్వాత ఫోను కిటికీ వైపు తిప్పింది. లేత ఆకుపచ్చ నీళ్ళు. అలల్లేని సముద్రాన్ని నేనంతవరకూ చూడలేదు. ఆవిడ నా మాట కోసం ఎదురుచూస్తోంది. "సింకు ఇంకోసారి చూపిస్తారా?" అన్నాను.

అప్పుడు అడిగింది, ఎగతాళి కాదు, మర్యాదగా. "మీతోపాటు వంటావిడ కూడా వస్తోందా? వంటగది పక్కన చిన్న గది ఉంది. కిటికీలోంచి నిమ్మచెట్టు కనిపిస్తుంది. ఆవిడకి బాగుంటుంది." నాకు తల కొట్టేసినట్టయింది. లేదు, నేనే వండుతాను అని చెప్పడానికి ఎంతసేపు? ఆ మాట నోట్లోకి వచ్చింది కూడా. కానీ ఆ నీళ్ళ ముందు, జుట్టులో పువ్వు పెట్టుకున్న ఆ మనిషి ముందు, దాన్ని బయటికి తేలేకపోయాను. "అవును, ఒకావిడ వస్తారు," అన్నాను. "పేరు చెప్పండి, దిగగానే అందరికీ పూలదండలు వేస్తాం. ఆవిడకి కూడా వేయాలి కదా," అంది. ఆ క్షణంలో నాకు నా పేరు తప్ప ఇంకే పేరూ తోచలేదు. "ఇంద్రజ," అన్నాను.

ఆ రోజు నుంచి ఆ అబద్ధం ఇంట్లో నాతోపాటు తిరుగుతోంది. గిన్నెలు కడుగుతున్నా, రైల్వే స్టేషన్ దగ్గర నిరు కోసం కారులో కూర్చున్నా, ఉన్నట్టుండి చెవులు వేడెక్కుతాయి. వంట చేయడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. నా చేతి చారు మరిగే వాసన నాకే గర్వం. వంట చేసి సంపాదించుకునే మనిషిని తక్కువ చేసి చూసే బుద్ధి కూడా నాకు లేదనే అనుకున్నాను. మరి ఎందుకు దాచాను? బీయస్సీ చదివి, పదిహేనేళ్ళు కాపురం చేసి, ఒక పరాయి మనిషి ముందు మిసెస్ కుమార్ వెనకాల దాక్కుని, ఇంద్రజని వంటగది పక్క గదిలోకి నేనే పంపించాను. ఆయన పంపలేదు. అత్తగారు పంపలేదు. ఎవరి మీదా నెట్టడానికి లేని సిగ్గు అది.

దాచడం నాకు ఈ మధ్య బాగా అలవాటైంది. ఇంకో సంగతి కూడా దాస్తున్నాను. వేసవి నుంచీ పొద్దున్న అందరూ వెళ్ళాక దగ్గరలోని స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తున్నాను, ఆడవాళ్ళకి విడిగా నేర్పే సమయంలో. అత్తగారితో కూరగాయలకని చెప్తాను. నల్లని స్విమ్‌సూట్, మోకాళ్ళ దాకా ఉంటుంది. తడిది తెచ్చి, వేడినీళ్ళ సిలిండరు ఉన్న అలమరలో, పైపు వెనకాల ఆరేస్తాను, దొంగసొమ్ములాగ. ఈత ఇంకా రాలేదు. వెల్లకిలా తేలడం వచ్చింది. చెవులు నీళ్ళలో మునిగి, ఎవరి పిలుపూ వినపడకుండా పైకప్పు చూస్తూ పడుకోవడం. దీవిలో పైకప్పు ఉండదు, ఆకాశమే ఉంటుంది అనుకునేదాన్ని. ఆ మాట ఎలాగైనా ఆయనకి చెప్పాలనుకున్న వారమే, సాయినాథ్ వాళ్ళింట్లో నలుగురిలో ఎవరో "వదినగారు కూడా దిగుతారా నీళ్ళలోకి?" అన్నారు. "మా ఇంద్ర దిగితే సముద్రం పొంగి రోడ్డెక్కుద్ది!" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఖాళీ ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్ళాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం సాయినాథ్, హిమజ వచ్చారు. పెళ్ళై ఏడాదైంది వాళ్ళకి. హిమజ ఒక మందుల షాపులో ఫార్మసిస్టు, వారమంతా నిలబడే ఉద్యోగం. మగవాళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. మేం కందిపొడి కొడుతున్నాం. కరివేపాకు విమానంలో పట్టుకెళ్ళకూడదని పొడుల్లోనే ఎక్కువ వేయించి కలుపుతున్నాను. నేను చెప్పుకుపోతున్నాను: పొద్దున ఉప్మా నీది, మధ్యాహ్నం పప్పూ చారూ నావి, సాయంత్రం చపాతీలు మిగతా ఇద్దరివి, మర్నాటికి పిండి ముందే...

"అక్కా, ఒకటి అడగనా?" అంది హిమజ. "మనం నీళ్ళలోకి ఎప్పుడు దిగుతాం?"

"వంట తెమిలాక చూద్దాంలే. నీళ్ళెక్కడికి పోతాయి?"

ఆ గొంతు నాది కాదు. మాట, మాటలోని సాగదీత, చివర చిన్న నవ్వు, అన్నీ మా అత్తగారివి. నిరు పుట్టిన కొత్తలో నేను యమ్మెస్సీ కడతానంటే ఆవిడ సరిగ్గా ఇలాగే అన్నారు. "పిల్ల కాస్త ఎదిగాక చూద్దాంలే. చదువెక్కడికి పోతుంది?" హిమజ ముఖంలో ఏదో దీపం తగ్గించినట్టయింది. "సరే అక్కా," అని సీసా మూత బిగించింది. గట్టిగా, ఇంకా గట్టిగా.

నేను వంటగదిలోకి పంపింది ఇంద్రజ ఒక్కదాన్నే కాదు. ఈ పిల్లని కూడా పంపించాను. పూటలు పంచమని నాకెవరూ చెప్పలేదు. బాగా చేస్తానన్న పేరు కోసం, ఏదీ మర్చిపోదన్న మెప్పు కోసం, నేనే పంచాను. తల ఎత్తలేకపోయాను. హిమజ సీసాలు తుడుస్తోంది, నేను నేల చూస్తున్నాను.

"ఇప్పుడే వస్తా," అని అలమర దగ్గరికి వెళ్ళాను. పైపు వెనక నుంచి స్విమ్‌సూట్ తీశాను. హాల్లో వెచ్చటి గాలి వదిలే హీట్ పంప్ ఎదురుగా బట్టలారేసే స్టాండు ఉంది. ఈ తడి చలికాలంలో ఇంటిల్లిపాది బట్టలూ దాని మీదే. ఆయన షర్టుకీ నిరు స్కూలు యూనిఫాంకీ మధ్య ఆరేశాను. టీవీ ముందు ఉన్నవాళ్ళు చూడలేదు. అక్కడే నిలబడి టెపాయెరుకి మెసేజ్ పెట్టాను. తప్పులు దిద్దుకుని పంపాను. సూట్‌కేసు తెరిచి, కుక్కరు తీసి, గరాజులో పెట్టి వచ్చాను.

రాత్రి భోజనానికి అందరం కూర్చున్నాం. గుత్తివంకాయ, చారు, కొత్త కందిపొడి. సాయినాథ్ పొడిలో నెయ్యి కలుపుకుంటూ, "వదినా, దీవిలో ఇది పడిందంటే ఇక స్వర్గమే," అన్నాడు.

"పెద్ద కుక్కరే పెట్టించాన్లే," అన్నారు మా ఆయన. "పొద్దున పెద్ద యుద్ధం అయింది."

"అది తీసేశాను," అన్నాను.

"మళ్ళీ చిన్నదా?"

"ఏదీ లేదు." చెయ్యి కడుక్కోకుండానే కంచం పక్కకి జరిపాను. "ఆ ఇంటావిడ మీతో వంటావిడ వస్తోందా అని అడిగింది. వస్తోందన్నాను. పేరు అడిగితే ఇంద్రజ అన్నాను."

సాయినాథ్ నవ్వబోయి అటూ ఇటూ చూశాడు. హిమజ నవ్వలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. "అలా ఎందుకు చెప్పావ్? పరువు తీశావు. ఆవిడ మనల్ని ఏమనుకుంటుంది?"

"నేనే వండుతానని చెప్పడానికి సిగ్గేసింది. అబద్ధం చెప్పినందుకు ఇంకా సిగ్గేసింది. వంటావిడ రావడం లేదని ఇవాళ రాశాను. అబద్ధం చెప్పాననీ రాశాను. ఇంద్రజ పేరు మాత్రం తీసేయొద్దన్నాను, దండ నాకే వేయమన్నాను. అక్కడ నేను వండను. హిమజకి చెప్పిన పూటలు కూడా రద్దు. కావాలంటే మీ నలుగురూ వండుకోండి, పొడులు ఉన్నాయి. లేదంటే బయట తిందాం."

"మరి పప్పుచారు?" అన్నారు ఆయన, నిజంగానే, చిన్నపిల్లాడిలా.

"నేర్పుతాను. గురువారం లోపల వచ్చేస్తుంది."

అత్తగారు ఎటు చూడాలో తెలియక హాలు వైపు చూశారు. హీట్ పంప్ గాలికి షర్టూ యూనిఫామూ మెల్లగా ఊగుతున్నాయి, మధ్యలో అది కూడా. ఆవిడ కళ్ళు చిట్లించారు.

"ఆ నల్లటిది ఎవరిదమ్మాయ్? నిరుదా? మరీ పెద్దగా ఉందే."

"నాదే అత్తయ్యా," అన్నాను. "కుక్కరు తీసిన చోట అదే పెడుతున్నాను."