చెవిలో చెప్పిన పేరు

మళ్ళీ మూసుకుపోయింది. తెరిచి ఐదు లెక్కపెట్టిందో లేదో, బ్రౌజరు తెర మీంచి టక్కున మాయమైంది. పొద్దుటి నుంచి ఇది పద్నాలుగోసారి. అండాలు లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచి కంప్యూటరు వెనక వైర్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసింది. లోపం వైర్లలో లేదని ఆమెకూ తెలుసు. చేతులు ఊరుకోవు కదా!

తొర్రూరు బస్టాండు ఎదుటి సందులో ఉన్న ఆ ఆన్‌లైన్ సెంటరు దేవేందర్‌ది. అండాలు పదకొండేళ్ళుగా అందులో ఫారాలు నింపుతోంది. నలభై తొమ్మిదేళ్ళ బక్కపలచని మనిషి. కుర్చీలో ఒకే పక్కకు ఒరిగి ఒరిగి ఎడమ భుజం కిందికి జారింది. కళ్ళద్దాల కాడ విరిగితే దారం చుట్టుకుంది. పెళ్ళయిన మూడో ఏడు మొగుడు మర మగ్గాల పనికని భివండి పోయి అక్కడే ఉండిపోయాడు. ఆ తరువాత టైపింగు నేర్చుకుంది, ఇదిగో ఇలా బతుకుతోంది. ఆమె గురించి ఊళ్ళో ఎవరూ చెప్పుకున్నది లేదు. రసీదు తీసుకునేవాళ్ళు రసీదు చూసుకుంటారు గాని, నింపినామె మొహం చూస్తారా?

నిన్న మధ్యాహ్నం బ్రౌజరు అప్‌డేటు అడిగితే 'సరే' నొక్కింది. సగం ఎక్కిందో లేదో కరెంటు పోయింది. అప్పటి నుంచే ఈ రోగం.

పక్క బెంచీ మీద శిరీష గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. దంతాలపల్లి అవతలి తండా పిల్ల. నర్సింగు సీటు వచ్చింది. సాయంత్రం ఐదింటిలోగా వెబ్‌సైటులోకి వెళ్ళి, సీటు తీసుకుంటున్నానని నొక్కాలి. నొక్కకపోతే సీటు ఇంకొకరిదైపోతుంది.

"ఫోన్ల తెరుసుకుంటంది మేడం. పాస్‌వర్డు అడుగుతంది" అంది శిరీష.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. పాస్‌వర్డు శిరీషకు తెలియదు, అండాలుకు గుర్తులేదు. తెలిసిందల్లా ఆ పాడు బ్రౌజరుకే.

దానికీ ఒక కథ ఉంది. అంకెలు గుర్తుపెట్టుకోలేని జనానికి పాస్‌వర్డు పెట్టాల్సి వస్తే అండాలు ఒకటే అడిగేది: "సచ్చేదాక మర్వని పేరు ఒకటి చెప్పు." వాళ్ళు చెప్పిన పేరు వెనక ఆ సంవత్సరం తగిలించేది. ఎద్దు పేరు చెప్పినవాళ్ళున్నారు, పారిపోయిన కొడుకు పేరు చెప్పినవాళ్ళున్నారు. పేరు చెబుతూ ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. మొదట్లో అన్నీ ఒక పుస్తకంలో రాసుకునేది. బ్రౌజరే దాచిపెడుతుందని తెలిశాక రాయడం మానేసింది. ఎంత సుఖమనుకుంది అప్పుడు! ఇప్పుడు తన్నుకుంటోంది.

పాస్‌వర్డు మార్చుకుందామన్నా, ఓటీపీ నంబరు వచ్చే ఫోను శిరీష తండ్రి లక్ష్మాది. రీచార్జి చేయించక ఆ సిమ్ము ఎప్పుడో పోయింది. పొద్దున శిరీష తల్లి జమ్లీ పేరుతో ప్రయత్నించారు, తప్పు. లక్ష్మా పేరు పెట్టారు, అదీ తప్పు. మూడోది కూడా తప్పితే ఒక రోజంతా తెరవనివ్వమని ఎర్ర అక్షరాలు పడ్డాయి.

హనుమకొండలో కంప్యూటర్లు బాగుచేసే రాకేష్‌కు నాలుగోసారి ఫోను కలిపింది.

"పొద్దుగాల జెప్పిన గదక్కా. పాత ఫోల్డర్ తీసేసి మల్ల ఎక్కిస్తే మంచిగైతది" అన్నాడు.

"అండ్ల దాసినయన్ని పోతయి గదనే!"

"అయి పోతయి మరి. నేనే చూడాల్నంటే రేపొస్త."

రేపు! గోడ మీద నాలుగూ పది చూపిస్తోంది. ఆపి మళ్ళీ వెలిగించింది, పనికిరాని బొమ్మలూ సినిమాలూ తీసేసి చోటు చేసింది. దేవుడికి కూడా మొక్కింది. బ్రౌజరు తెరుచుకోవడం, మూసుకుపోవడం. అండాలు కాలు గాలిన పిల్లిలా గుమ్మానికీ కుర్చీకీ మధ్య తిరుగుతోంది.

"ఫారం నింపిన్నాడు నీతోటి ఎవరొచ్చిన్రే?"

"మా అవ్వ. ఆమెనే నీ చెవుల జెప్పింది. నన్ను బయటికి పొమ్మన్నది."

"మరి అవ్వను అడుగుదాం పా!"

శిరీష తల దించుకుంది. "దవాఖానోళ్ళు ఇంటికి తీస్కపొమ్మన్నరు మేడం. మూడు దినాలాయె. మాట్లాడతలేదు. నీళ్ళు గుడ మింగుతలేదు."

చావుబతుకుల్లో ఉన్న మనిషిని పాస్‌వర్డు అడగడమా! తన మీద తనకే రోత పుట్టింది. కానీ గడియారం ఊరుకుంటుందా? నాలుగూ ఇరవై ఐదు. శిరీష బాబాయి లింగ్యాకు తన ఫోనులోంచి చేసింది.

"లింగ్యా, నేను తొర్రూరు కంప్యూటర్ మేడంని. మీ అమ్మ చెవు కాడ ఫోను పెట్టు జర."

ఏదో గరగర, కోడి అరుపు, తరువాత ఊపిరి. బరువుగా, ఆగి ఆగి.

"అవ్వా, నేను. పోరికి ఫారం నింపినం జూడు. సచ్చేదాక మర్వని పేరు చెప్పుమంటే నా చెవుల జెప్పినవ్. ఏం పేరవ్వా?"

అండాలు కళ్ళు మూసుకుని ఫోను చెవికి అదుముకుంది. ఎంతసేపైందో తెలియదు. అప్పుడు, ఎండుటాకు కదిలినట్టు, వినిపించింది.

"గోరీ."

ఒక్కసారిగా అండాలుకు ఆ రోజంతా కళ్ళకు కట్టింది. పొగాకు వాసన, చెవికి తగిలిన వెండి నగ చల్లదనం, ముసలామె చెప్పిన సంగతి.

"కాయిదం మీద రాయి. గోరీ" అంది. శిరీష చీటీ మీద రాసింది. తరువాత ఫోనులో ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టింది, వెనక సంవత్సరం కలిపింది.

తెరుచుకుంది! శిరీష సీటు తీసుకుంటున్నానని నొక్కింది. నాలుగూ నలభై ఒకటి. అండాలు ఆ పిల్లను వాటేసుకుని చంటిదానిలా ఏడ్చింది.

"గోరీ ఎవరు మేడం?"

"మీ నాయినకంటె ముందు పుట్టిన బిడ్డ. తొమ్మిది నెలలకే జరమొచ్చి పోయిందంట. తెల్లారి మీ తాత, ఇంట్ల ఆ పేరు తియ్యొద్దన్నడంట. నలభై ఏండ్ల సంది తియ్యలేదని చెప్పింది."

శిరీష లేచి చున్నీ సర్దుకుంది.

"ఐదింటి బస్సుకు పోత. సీటు దొరికిందని అవ్వకు నేనే చెప్పాలె" అని సంచీ అందుకుని పరుగెత్తింది.

ఆమె సందు చివరి రోడ్డు దాటుతోందో లేదో, అండాలు ఫోను మోగింది. లింగ్యా.

"పోరిని జల్ది పంపియ్యి మేడం" అన్నాడు. వెనక ఆడవాళ్ళ ఏడుపులు లేచాయి.

అండాలు గుమ్మంలోకి వచ్చింది. పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉంది పిల్ల, ఎదుట బస్టాండులో నవ్వుకుంటూ బస్సెక్కుతోంది. పిలవబోయి ఆగింది. దారి పొడుగునా ఆ ముప్పావు గంటైనా సంతోషంగా ఉండనీ అనుకుంది.

లోపలికి వచ్చి రాకేష్‌కు చేసింది. "ఆ ఫోల్డర్ తియ్యకు. రేపు నువ్వే వచ్చి చూడు" అంది. సొరుగులోంచి కొత్త నోటుబుక్కు తీసి, గుర్తున్న పేర్లు గుర్తున్నట్టే రాయడం మొదలుపెట్టింది. మూడు రాసేసరికి చెయ్యి ఆగింది. బల్ల తుడవడానికి కీబోర్డు జరిపితే కింద చీటీ కనిపించింది, శిరీష గుండ్రటి అక్షరాల్లో ఒక్కటే పేరు, చివరి దీర్ఘం దగ్గర పెన్ను గట్టిగా నొక్కి కాగితం కాస్త చిరిగి ఉంది.