చెల్లెలి బిల్లులో తగ్గింపు

ఏడాదికోసారి పురపాలక కార్యాలయం నుంచి మనందరి ఇళ్ళకీ ఒక కాగితం వస్తుంది. ఇంటి పన్ను బిల్లు. అది చేతికి రాగానే మన కళ్ళు పై వరసలన్నీ దాటేసి అడుగున లావుగా అచ్చయిన అంకె మీదికే పోతాయి. ఓ నిట్టూర్పు విడిచి, కాగితాన్ని ఏ మేకుకో గుచ్చేస్తాం. దర్జీ పని చేసే ఒకావిడ కూడా ఏటా అంతే చేసేది. ఒకనాటి ఉదయం బిల్లులు పంచే మనిషి ఆమె చేతిలో ఒకటికి రెండు బిల్లులు పెట్టాడు.

"పక్కింటి తలుపు తియ్యట్లేదమ్మా. మీ చెల్లెలేగా, ఇచ్చెయ్యండి," అని అతను సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నిజానికి ఆ రెండూ ఒకప్పుడు ఒకే ఇల్లు. తండ్రి పోయాక అక్కచెల్లెళ్ళిద్దరూ నడిమికి గోడ పెట్టించి పంచుకున్నారు. ఆనాడు టేపు పట్టుకున్నది అక్కే. చెరో రెండు గదులు, చెరో వంటిల్లు, చెరో వసారా, ఆఖరికి పెరటి తలుపుల ఎత్తు కూడా అంగుళం తేడా లేకుండా సరిచూసింది. ఇల్లు సమానమైనప్పుడు పన్నూ సమానంగానే ఉండాలి కదా. ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అడుగు అంకెలు చూసింది. చెల్లెలు కట్టాల్సింది తనదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

ఆమె కడుపు భగ్గుమంది.

ఆ మంట ఆ ఒక్కరోజుది కాదు. ఇద్దరూ సూది పట్టడం తల్లి దగ్గరే నేర్చుకున్నారు. పెద్దది బట్టలు కుట్టేది. చిన్నది రఫ్ఫు చేసేది. చిరిగిన కోటుకైనా, కాలిన శాలువాకైనా ఆ బట్ట అంచులోంచే పోగులు లాగి, చిరుగు మీద మళ్ళీ నేత నేసేది. పని పూర్తయ్యాక చిరుగు ఎక్కడుందో తెచ్చినవాళ్ళే వెతుక్కోవాల్సి వచ్చేది. ఇంటికి ఎవరొచ్చినా తల్లి "మా చిన్నదాని చేతిపని చూడండి" అనేది, పెద్దది కుట్టిన బట్టలు ఒంటి మీద వేసుకుని మరీ. తల్లి పోయి పదేళ్ళయినా ఆ మాట మాత్రం పెద్దదాని చెవిలోంచి పోలేదు.

మధ్యాహ్నం భర్త భోజనానికి వచ్చేసరికి ఆమె సిద్ధంగా ఉంది.

"రెండిళ్ళకీ వెంట్రుకవాసి తేడా లేదు. దానికి మాత్రం సగం పన్ను. ఆ ఆఫీసులో ఎవర్నో పట్టుకుని ఉంటుంది."

బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే ఆయన నిదానస్తుడు. "పైనేవో వరసలున్నాయిగా, చదివావా?" అన్నాడు.

"చదవడానికేముంది? కట్టాల్సింది కిందే ఉంటుంది."

"పోనీ మీ చెల్లెల్నే అడుగు."

"నేను దాన్ని అడగాలా? నిన్న వసారాలో కనపడితే నవ్వాను. నా మొహంలోకే చూస్తూ లోపలికి పోయింది. అంత టెక్కు దానికి."

ఆయన కంచం ముందుకు లాక్కున్నాడు. ఆమె ఆపలేదు. చెల్లెలు పట్టపగలు కూడా రెండు లైట్లు వేసుకుని కూర్చుంటోంది, డబ్బెక్కువైంది. దూరం నుంచి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ సన్నపని తిప్పి పంపేస్తోంది, పొగరెక్కువైంది. కాలేజీకెళ్ళే కూతురి భుజం మీద చెయ్యి వెయ్యకుండా వీధిలోకి రావడం లేదు, మహారాణిననుకుంటోంది. భర్త పోయిన ఆడది ఒక్కతే ఎలా నెట్టుకొస్తోందో ఏనాడూ అడగని అక్క, ఆమె ఇంట్లో ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో మాత్రం లెక్కపెట్టింది.

చెల్లెలి బిల్లు తలుపు సందులోంచి లోపలికి తోసేసింది. అదే వారం పన్నుల విభాగానికి ఒక ఆకాశరామన్న ఉత్తరం రాసింది. చేతిరాత ఎవరూ పోల్చుకోకుండా అక్షరాలన్నీ విడివిడిగా దిద్దింది. ఏ గది ఎంత పొడవో, కిటికీలెన్నో, పెరటి తలుపు ఎత్తెంతో పూసగుచ్చినట్టు రాసి, పలుకుబడి ఉన్నవాళ్ళకు పన్ను తగ్గించడం న్యాయమేనా అని నిలదీసింది. డబ్బాలో వేసి వస్తుంటే ఆమెకి ప్రాణం ఎంతో తేలికపడింది.

పదిహేను రోజులకు తనిఖీ అధికారి వచ్చాడు. ఆరోజు బజారులోని ఆమె దర్జీ దుకాణానికి సెలవు. ఆమె కిటికీ పక్కన నిలబడింది. అధికారి చెల్లెలి గుమ్మం దగ్గర జేబులోంచి కాగితం తీసి ఏదో చదివాడు. మాటలు వినపడలేదు గానీ, చెల్లెలి మొహం పాలిపోవడం కనపడింది. తేలుతుంది, ఇవాళ అంతా తేలుతుంది అనుకుంది అక్క. అతను లోపల కొలతలు తీసుకుని, అక్కకి మాటలు వినపడేంత దగ్గరగా వసారాలోకి వచ్చాడు. అక్కడ ఒకావిడ మోచేతి దగ్గర చిరిగిన ఉన్ని కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కోటు రఫ్ఫుకి ఇవ్వడానికి వచ్చిన మనిషి.

"కొలతలు సరిపోయాయి. తగ్గింపుకి మీరు పెట్టిన సర్టిఫికెట్ అసలు ప్రతి చూపించండి," అన్నాడు అధికారి.

చెల్లెలు లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది.

"ఇది కరెంటు బిల్లమ్మా."

మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఇంకా ఆలస్యమైంది.

"ఇది కాలేజీ ఫీజు రసీదు."

"మా అమ్మాయి సాయంత్రానికి వస్తుందండీ. అప్పుడు రండి."

"నేను ఇవాళే రాసివ్వాలమ్మా. సర్టిఫికెట్ దేనికిచ్చారో మీరే చెప్పండి, రాసుకుంటాను."

చెల్లెలు కోటావిడ కూర్చున్న వైపు తల తిప్పింది.

"చూపుకండీ," అంది. "కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి నీడలు తెలుస్తాయి. అదీ ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు."

అధికారి తలొంచుకుని రాసుకున్నాడు. కోటావిడ మెల్లగా లేచింది. "మళ్ళీ తెస్తాలేమ్మా, ఇప్పుడేం తొందర లేదు," అని కోటు మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది. చెల్లెలు ఆమె వెళ్ళిన వైపు కాకుండా, ఇంకా ఆమె కూర్చునే ఉందేమోనన్నట్టు ఖాళీ కుర్చీ వైపే చూస్తూ నిలబడింది.

సూదిపని చేసేదానికి చూపు పోయిందన్న మాట వీధిలో పాకడానికి ఒక పూట చాలు. ఇన్నాళ్ళూ సన్నపని తిప్పి పంపుతూ, మోటుపని తడిమి చేస్తూ, సూదిలో దారం కూతురి చేత ఎక్కించుకుంటూ ఆమె దాచుకున్న సంగతి అది. దాన్ని వీధిన పడేసింది తోడబుట్టిన అక్క.

మర్నాడు అక్క తన బిల్లు పట్టుకుని పురపాలక కార్యాలయానికి వెళ్ళింది. ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చా అని బిల్లుల గదిలో జుట్టు నెరిసిన గుమాస్తా ఆవిడను అడిగింది.

"తీసుకోవడానికేం లేదు. తగ్గింపు సరైనదేనని రాసి మూసేశారు," అందావిడ.

అక్క కదల్లేదు. అంత జరిగాక కూడా లోపలి ముల్లు లోపలే ఉంది. "ఆ తగ్గింపు ఒక్కదానికే అంత తేడా వస్తుందా?" అని అడిగేసింది.

"వేరేవాళ్ళ సంగతి నేను మాట్లాడను. మీది ఇవ్వండి, చదువుదాం." ఆవిడ పెన్ను మొనతో వరస వరసా చూపించింది. "ఇది ఇంటి విలువ. ఇది ఏ గది దేనికి వాడుతున్నారో. ఇది నీళ్ళకీ, వీధి దీపాలకీ, చెత్త ఎత్తడానికీ. ఇదేమో తగ్గింపులు. మీ ముందుగది వ్యాపారానికని ఉంది. ఎక్కువ పడింది అందుకే."

"దుకాణం బజారుకి మార్చి రెండేళ్ళయిందే."

"మాకు చెప్పారా?"

"మీరే చూసుకోవాలిగా."

"మీ కుట్టుమిషను ఎక్కడుందో మాకెలా తెలుస్తుందమ్మా? మార్పు ఉంటే తెలపమని బిల్లు వెనకే ఉంది. ఇక్కడికి రోజూ ఎంతోమంది పక్కింటివాళ్ళ బిల్లు గురించి అడగడానికి వస్తారు. సొంత బిల్లు చదువుకుని వచ్చినవాళ్ళు నాకింకా తగల్లేదు."

అక్క తన బిల్లులో ఖాళీగా ఉన్న చివరి గడి మీద వేలు పెట్టింది. "ఈ తగ్గింపు ఎవరెవరికి ఇస్తారు?"

"మంచం పట్టినవాళ్ళకి. చూపు పోయినవాళ్ళకి. ఇల్లు కాలిపోయినవాళ్ళకి. ఆ గడిలో అంకె వెయ్యాలంటే నాకు చెయ్యాడదు. అది ఖాళీగా ఉన్నందుకు సంతోషించండమ్మా."

ఇంటికి వచ్చి అక్క చెల్లెలి గుమ్మం ఎక్కింది. ఎన్నేళ్ళకో ఎక్కింది. "ఆ ఉత్తరం నేనే రాశానే," అంది.

"తెలుసు," అంది చెల్లెలు. "ఆయన చదివి వినిపించాడు. పెరటి తలుపు ఎత్తు అంగుళాలతో సహా రాసేది ఈ వీధిలో ఇంకెవరు?"

"మరి నన్నేం అనలేదే?"

"అంటే నీకు నా కళ్ళ సంగతి చెప్పాల్సొస్తుంది. నువ్వు జాలిపడతావేమోనని భయం. నువ్వు కుళ్ళుకున్నా భరించగలను గానీ, జాలిపడితే భరించలేనక్కా."

అక్క ఏడ్చింది. చెల్లెలు ఓదార్చలేదు. చాలాసేపటికి "పనుంటే ఇవ్వు. ఊరికే ఏమీ ఇవ్వకు," అని మాత్రం అంది.

ముందుగది సంగతి రాసిచ్చాక అక్క పన్ను తగ్గింది. చెల్లెలి పని మాత్రం తిరిగి రాలేదు. కోటావిడ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. అప్పుడు అక్క ఇంకో దారి వెతికింది. బజారు దుకాణంలో రఫ్ఫు కూడా చేస్తామని బోర్డు కట్టి, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. చెల్లెలు ఎన్ని పోగులు తియ్యాలో చెబుతుంది. అక్క తీస్తుంది. అయ్యాక చెల్లెలు వేలితో తడిమి, "ఇక్కడ పోగు తప్పావు, విప్పు," అంటుంది. అక్కకి ఒళ్ళు మండుతుంది. పళ్ళు బిగించి విప్పుతుంది. వచ్చిన డబ్బు ఇద్దరూ చెరిసగం తీసుకుంటారు.

ఆరు నెలల తర్వాత ఒక పెద్దాయన తన శాలువా వెలుతురుకేసి పట్టుకుని, ఎంత వెతికినా చిరుగు కనపడక, "మీ చెల్లెలి చేతిపనే వేరమ్మా," అన్నాడు. అది మొదటి పోగు నుంచి చివరి పోగు దాకా అక్క నేసింది. ఆమెకి చురుక్కుమంది. ఆ మంట ఎక్కడిదో ఇప్పుడు ఆమెకి తెలుసు. "అవునండీ," అని శాలువా మడిచి ఇచ్చింది.

మనలో చాలామందికి అంతపని జరిగితే గాని తెలిసిరాదు. పక్కవాళ్ళ బిల్లు చూసి కుళ్ళుకునే ముందు మన బిల్లు పై వరస నుంచి చదువుకోవాలి. వాళ్ళకి ఎంత తగ్గిందని కాదు, అంత తగ్గడానికి వాళ్ళేం పోగొట్టుకున్నారో అడిగి తెలుసుకోవాలి.