ముప్పై ఏడో తోట కింద గచ్చు

మా ఆయన టీలో, మూడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి వచ్చేసరికి నేను మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డ పిండుతున్నాను. మా భవనంలో మెట్లు కడిగే వంతు ఆ వారం మాది. పెళ్ళయ్యాక ఇద్దరి పేర్ల మీదా కలిపి వచ్చిన మొదటి వంతు కాబట్టి ఆ బకెట్టూ, ఆ నురగా కూడా నాకు పండగలాగే ఉన్నాయి.

"వచ్చింది రికె! ముప్పై ఏడు మనదే!"

లేచి అతని మెడకు చుట్టుకున్నాను. బకెట్ దొర్లింది. నురుగునీళ్ళు కింది అంతస్తు దాకా మెట్టుమెట్టునా ఆగి మర్యాదగా దిగివెళ్ళాయి. కింది తలుపు తెరుచుకుంది.

"కొత్త దంపతులూ! ప్రేమ చూపించుకోడానికి పొడి మెట్లు దొరకలేదా?"

మాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే తుడిచాం, తుడుస్తూనే ముద్దులు పెట్టుకున్నాం.

ముప్పై ఏడు అంటే తోట. కార్ల ఫ్యాక్టరీ వెనక కొండవాలు మీద హార్ట్‌విన్ కంపెనీ తన కార్మికుల కోసం వదిలిన చిన్న చిన్న తోటల్లో ఒకటి. దానికోసం జనం జుట్టు నెరిసే దాకా ఎదురుచూస్తారు. ఒక విధవరాలు కూతురి ఊరికి వెళ్ళిపోతూ తన తోట వదిలేసింది. మా మామగారు ఎబర్‌హార్ట్, హార్ట్‌విన్ కంపెనీలో జీవితమంతా కారు తలుపులు బిగించిన మనిషి. ఆయన తోటల సంఘం వాళ్ళ చెవిన ఒక మాట వేశారు. టీలో చిన్నప్పటినుంచీ ఆ కొండకేసి చూసినవాడు. వాళ్ళు ఉండింది మూడో అంతస్తులో, ఫ్యాక్టరీ గోడకు ఎదురుగా. "ఎప్పటికైనా నా సొంత ముల్లంగి పీక్కుని తింటాను" అని నాతో మొదటిసారి కాఫీ తాగిన రోజే చెప్పాడు. పెద్దపెద్ద కలలు చెప్పే మగవాళ్ళ మధ్య ముల్లంగి గురించి చెప్పినవాడు కాబట్టే అతన్ని చేసుకున్నాను.

మా ఊళ్ళో "వాడు హార్ట్‌విన్‌లో చేస్తున్నాడు" అంటే చాలు, ఇంకేమీ అడగకుండా పిల్లనిచ్చేస్తారు. హార్ట్‌విన్ కారు తలుపు వేస్తే వచ్చే చప్పుడు ఇంకే కారుకూ రాదని పసిపిల్లలు కూడా చెబుతారు. బళ్ళో మాకు కంపెనీ వాళ్ళే బొమ్మల పుస్తకం పంచేవారు. మొదటి పేజీలో వ్యవస్థాపకుడు, ఆయన గుర్రపుశాల, అందులో ఆయన చేసిన మొదటి బండి. తర్వాత పందేలు గెలిచిన వెండిరంగు కారు, దాని కింద 1938. పేజీ తిప్పితే చిన్న కుటుంబాల కోసం చేసిన నీలం కారు, దాని కింద 1948. మధ్యలో కార్లు చేయలేదు కాబట్టి మధ్యలో చరిత్ర కూడా లేదు. మాలో ఎవరమూ అడగలేదు. ఆ నీలం కారు అంత ముద్దుగా ఉండేది.

సంఘం అధ్యక్షుడు ష్టోట్జ్ గారు శనివారం విందు పెట్టి తోటను లాంఛనంగా అప్పగిస్తారట. శుభ్రం చేసుకోవడానికి తాళంచెవి మాత్రం ముందే ఇచ్చారు. ఆ సాయంత్రమే వెళ్ళాం. ఎంత బాగుందో! ఆకుపచ్చ రంగు వేసిన చెక్కగది, దాని కిటికీకి గళ్ళ తెర, లోపల మూత ఊడిన నీలం కెటిల్. బయట మట్టిలో సగం దాక్కున్న స్ట్రాబెర్రీలు. టీలో కడగకుండానే నాలుగు నోట్లో వేసుకున్నాడు. గడ్డం మీదకి రసం కారింది. నేను తుడవలేదు. అలాగే బాగున్నాడు.

చెక్కగదిలో మాత్రం ఒకటే ముక్కిన వాసన. నేలకు అతికించిన పాత లినోలియం షీటు కింద ఏదో కుళ్ళుతోంది. "దీన్ని ముందు పీకేద్దాం" అని అంచు పట్టుకుని లాగాను. తడిసి నల్లబడిన జిగురు చేతులకు అంటింది. కింద తెల్లటి పురుగులు మెలికలు తిరిగాయి. ఛీ అంటూనే నవ్వుతూ మొత్తం పీకేశాను.

కింద గచ్చు. దళసరి కాంక్రీటు గచ్చు. దాని నడుమ పొడుగ్గా ఒక కాలువ. కాలువకు ఇటూ అటూ నేలకు సమంగా కోసేసిన ఇనుపగొట్టాల మొదళ్ళు, వరసగా. ఒకటి, దాని పక్కన ఒక మనిషి భుజం పట్టేంత ఎడం, మళ్ళీ ఒకటి. బయటికి వచ్చి చూశాను. గచ్చు మా చెక్కగదితో ఆగలేదు. మా కంచె కిందినుంచి పక్కతోటలోకి, అక్కడినుంచి ఆ పైతోటలోకి పోయింది. పక్కవాళ్ళు గులాబీలన్నీ తొట్లలో పెంచడం ఎందుకో అప్పుడు అర్థమైంది. అక్కడ మట్టి లేదు.

"ఇక్కడ ఏముండేది?" అన్నాను.

"పశువుల కొట్టమేమో" అన్నాడు టీలో, ఇంకో పండు వెతుక్కుంటూ.

"పశువులు వరసగా నిలబడి కుళాయి కింద మొహాలు కడుక్కుంటాయా?"

అంతలో మా మామగారు వచ్చారు, చంకలో కొత్త కోడలికి కానుకగా తెచ్చిన నీళ్ళడబ్బా పెట్టుకుని. పీకేసిన నేలను చూసి మొహం చిట్లించారు.

"అయ్యో రికె, ఆ షీటు బాగానే ఉండేది కదమ్మా."

"మామయ్యా, ఇదేంటి?"

"ఇదా? కడుగుళ్ళ షెడ్డు, మొహాలూ ఒళ్ళూ కడుక్కోవడానికి. యుద్ధం రోజుల్లో ఈ కొండంతా బ్యారక్‌లే, కూలీల్ని పెట్టే చెక్క షెడ్లు. యుక్రెయిన్ ఆడవాళ్ళు ఉండేవారు. యుద్ధానికి ఇంజన్లు చేసే విభాగంలో పనిచేయడానికి."

"వాళ్ళు వచ్చారా, తెచ్చారా?"

"తెచ్చారు. రైళ్ళలో. ఆ రోజుల్లో ఎవరు ఎవర్ని అడిగారు గనక?" అని ఆయన బూటు మడమతో గచ్చు మీద గట్టిగా రెండుసార్లు కొట్టారు. మొహం వికసించింది. "విన్నావా ఆ చప్పుడు? యాభై ఏళ్ళు దాటింది. ఒక్క పగులు చూపించు! షెడ్డు వేసినా హార్ట్‌విన్ హార్ట్‌విన్‌లాగే వేసింది."

ఆయన మంచివాడు. పెళ్ళిలో నాతో డాన్స్ చేస్తూ కాలు తొక్కి నెల తిరక్కుండా మూడుసార్లు క్షమాపణ చెప్పినవాడు. ఆ మంచివాడి మొహంలో, ఆ గచ్చును చూసి, గర్వం. చేతులు కడుక్కోవాలని బయటి కుళాయి దగ్గరికి పరిగెత్తాను. కుళాయి మీద చెయ్యి పెట్టాక ఆ నీళ్ళ గొట్టం ఎవరి కోసం వేసిందో అనిపించి, కడుక్కోకుండానే వచ్చేశాను. జిగురు చేతులతోనే ఇంటికి నడిచాం.

"మనమా వాళ్ళని తెచ్చింది?" అన్నాడు టీలో దారిలో. "నేను పుట్టనే లేదు."

"పుట్టావని ఎవరన్నారు?"

"మరి నన్నెందుకు అలా చూస్తున్నావు?"

"ఎలా?"

"పురుగుని చూసినట్టు."

అలా చూడలేదని చెప్పాలనుకున్నాను. అతని గడ్డం మీద ఎండిన స్ట్రాబెర్రీ రసం అలాగే ఉంది. ఇందాక ముద్దుగా ఉన్న మరక. ఇప్పుడు దాన్నుంచి చూపు తిప్పుకోవాలనిపించింది. నాకు నిజంగా భయం వేసింది. గచ్చుని చూసి కాదు. కొత్తగా పెళ్ళిచేసుకున్న మనిషి, బకెట్ దొర్లినా నవ్వేంత ఇష్టమైన మనిషి మీద నాకు అసహ్యం పుట్టుకొస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం తోటల నడుమ దారిలో పొడుగాటి బల్లలు వేశారు. ష్టోట్జ్ గారు నిప్పుల మీద పెట్టిన నల్లటి ఇనుపజాలీ మీద సాసేజ్‌లు తిప్పుతున్నారు. కొవ్వు బొట్టుబొట్టుగా నిప్పుల్లో పడి చిటపటమంటోంది. బంగాళాదుంపల సలాడ్ ఎండకు చెమర్చి, దాని మీద ఈగ ఒకటి తీరిగ్గా నడుస్తోంది. ఆ రోజు నాకు అన్నీ అలాగే కనిపించాయి. మామూలుగా నేను ఆ సలాడ్ రెండుసార్లు వడ్డించుకునేదాన్ని.

ష్టోట్జ్ గారు గ్లాసు ఎత్తారు. "మన కంపెనీ కార్లే కాదు, కార్మికుడికి ఒక చారెడు పచ్చదనం కూడా ఇచ్చింది. ఉట్టి కొండ ఇది, ముళ్ళపొదల కొండ! దీన్ని స్వర్గం చేసింది మన పెద్దలు. కంచెని చెప్పిన ఎత్తు దాటనివ్వకండి, మూడోవంతు నేలలో కూరగాయలు పెట్టండి, పిల్లల్ని కనండి. ఇంతే నియమాలు!"

అందరూ బల్లలు చరిచారు. టీలో కూడా చరిచాడు. నా గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"ఉట్టి కొండ కాదు కదా, ష్టోట్జ్ గారూ. మా గదికింద కడుగుళ్ళ షెడ్డు ఉంది."

"ఉంది" అన్నారాయన, సాసేజ్ తిప్పుతూనే. "మా గదికింద వంటశాల ఉంది. అయితే?"

"అయితే ఎవరూ చెప్పరేం?"

"అందరికీ తెలిసింది చెప్పడం దేనికమ్మాయ్? తెలిసినవాళ్ళకి చెబితే చాదస్తం, తెలియనివాళ్ళకి చెబితే తలనొప్పి."

నవ్వులు. ఎదురుగా కూర్చున్న నేగెలె అవ్వ, పక్కతోట గులాబీల యజమానురాలు, నా చేతిమీద చెయ్యేసింది. "అంత బాధపడకు తల్లీ. వాళ్ళకి ఇక్కడ ఏం తక్కువ కాలేదు. మా అమ్మ కంచెలోంచి రొట్టె ఇచ్చేది."

"మా అమ్మ కూడా" అన్నారు ఇంకెవరో.

"మా నాయనమ్మ అయితే రోజూ!"

"అందరి అమ్మలూ ఇచ్చారా?" అన్నాను. "ఇంతమంది ఇంత రొట్టె ఇస్తే వాళ్ళు లావెక్కి ఇళ్ళకు పోయుండాలి. పోయారా?"

నేగెలె అవ్వ చెయ్యి తీసేసుకుంది.

"కోడలికి నాలుక హార్ట్‌విన్ ఇంజన్‌లా ఉందే, ఎబర్‌హార్ట్!" అన్నారు ష్టోట్జ్ గారు. "ఈ మధ్య టీవీలో అదే గోల. కంపెనీలు డబ్బు కట్టాలట, క్షమాపణ చెప్పాలట. అప్పటి ప్రభుత్వం పంపింది, కంపెనీ ఏం చేస్తుంది? కొంచెం నచ్చజెప్పు నీ కోడలికి."

మా మామగారు గ్లాసులోని నురగకేసి చూస్తున్నారు.

"మా అమ్మ ఇవ్వలేదు" అన్నారు.

"ఏంటి?"

"రొట్టె. మా అమ్మ ఇవ్వలేదు. మేం ఈ కింది వీధిలోనే ఉండేవాళ్ళం. పొద్దున వాళ్ళని వరసగా నడిపించుకుపోతుంటే అమ్మ కిటికీ మూసేది. 'ఛీ, కంపు' అనేది. నేనూ ముక్కు మూసుకునేవాణ్ణి. ఆరేళ్ళవాణ్ణి. వాళ్ళలో ఒకామె నన్ను చూసి తనూ ముక్కు మూసుకుని చూపించింది, వేళాకోళంగా. వాళ్ళకి సబ్బు లేదు. సబ్బు ఇవ్వకుండా ఇంత గట్టి గచ్చు దేనికి వేశారో నాకు తెలీదు." గ్లాసు బల్లమీద పెట్టి గబగబా అన్నారు: "అలాగని కంపెనీని ఏమీ అనకండి. నా ఇల్లు, నా పింఛను, అన్నీ కంపెనీవే. ఏమీ అనకండి."

ఆయన మీద నాకు జాలీ అసహ్యమూ ఒకేసారి వచ్చాయి. రెండూ కలిస్తే ఆ వాసన ఎలా ఉంటుందో ఆ షీటు పీకినప్పుడే తెలిసింది నాకు.

"సరే సరే" అన్నారు ష్టోట్జ్ గారు. "పాత దుర్వాసనలు మనకెందుకు? టీలో, లేవరా అబ్బాయ్. చెయ్యి కలుపు, తోట నీది."

టీలో లేచాడు. అతని పళ్ళెంలో సాసేజ్ సగం కొరికి ఉంది. పెదవుల మీద కొవ్వు మెరుస్తోంది. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. చెయ్యి కలిపితే ఆ చెయ్యే ఈ రాత్రి నా మీద వేస్తాడని నాకు తెలుసు. భరించగలనో లేదో తెలియలేదు.

అతను జేబురుమాలుతో మూతి తుడుచుకున్నాడు. తర్వాత చేతులు. వేళ్ళ సందులు కూడా.

"తోట తీసుకుంటాను ష్టోట్జ్ గారూ" అన్నాడు. "ముల్లంగి కూడా వేస్తాను, మట్టి ఉన్న చోట. చెక్కగది మాత్రం ఉంచను. రేపు విప్పేస్తున్నాం. గచ్చు అలాగే బయటికి ఉంటుంది. కాలువా, గొట్టాలూ అన్నీ. దారిలో పోయేవాళ్ళకి కనపడాలి."

"గది లేకుండా తోట ఉండకూడదని నియమం!"

"అయితే నియమం ప్రకారం తోట లాక్కోండి. ఎందుకు లాక్కున్నారో మాత్రం అందరి ముందూ చెప్పి లాక్కోండి."

"రేపు ఆదివారంరా! ఆదివారం పూట సుత్తి చప్పుడు చేస్తే పోలీసుల్ని పిలుస్తాను!"

"సుత్తి దేనికి? అన్నీ బోల్టులే, చప్పుడు రాదు." అతను చిన్నప్పటినుంచీ కలగన్న తోట అది. నేను పక్కనుంచి అతని చెయ్యి పట్టుకున్నాను. ఇంకా కొంచెం జిడ్డుగానే ఉంది. వదలలేదు. "నాన్నా, ఆ పెద్ద పానా నీ దగ్గరే ఉంది కదూ? తొమ్మిదింటికి తీసుకురా. రికె, నువ్వు కాఫీ తెచ్చెయ్."