పడని పాలు

తెల్లారేసరికి పాలకొట్టు ముందు గిన్నెలూ సీసాలూ పట్టుకుని జనం నిలబడి ఉంటారు. షట్టరు ఎత్తగానే కోడలు చేయవలసిన మొదటి పని, కాచి చల్లార్చిన పాలు పెద్ద గ్లాసుడు అందరూ చూస్తుండగా గడగడా తాగడం. ఆ తర్వాతే అమ్మకం. "మా ఇంటి ఆడవాళ్ళు తాగిన పాలే మీకు పోస్తాం" అన్నది కొట్టు పెట్టిన నాటి నుంచీ మామగారి మాట. అంతకుముందు అత్తగారు తాగేది. కోడలు కాపురానికొచ్చిన వారానికే ఆ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి, "ఇక ఇది నీదమ్మా" అంది. అదేదో పెద్ద గౌరవం కాబోలనుకుని కోడలు మురిసిపోయింది.

ఆ మురిపెం ఒక్క పూటే. తాగిన కాసేపటికల్లా పొట్ట డోలులా బిగిసేది. లోపల ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు ఈడుస్తున్నట్టు ఒకటే చప్పుళ్ళు. ఒక చేత్తో పాలు కొలుస్తూ, ఇంకో చేత్తో చిల్లర ఇస్తూ, ముఖాన నవ్వు చెరగకుండా నిలబడి, సందు దొరగ్గానే పెరట్లోని మరుగుదొడ్డికి పరుగెత్తేది. "మళ్ళీనా? ఆ గదికి అద్దె కట్టించుకోవాలి నీ దగ్గర" అనేవాడు భర్త. "సుకుమారం" అనేవారు మామగారు, ముద్దుగానే. ఒకసారి తాగనని మొరాయిస్తే భర్త ఇంతెత్తున లేచాడు. "పాలమ్మేవాడి పెళ్ళాం పాలు పడవంటే రేపు ఒక్కడైనా మన గడప తొక్కుతాడా?" నిజమే కాబోలనుకుంది. పొద్దున పూట బస్సెక్కడం మానేసింది. ఎవరింటికి వెళ్ళినా ముందు పెరడు ఎటుందో చూసుకునేది. తప్పు పొట్టది, పొట్ట తనది, కాబట్టి తప్పు తనదేనని, ఏళ్ళ తరబడి ఆ లెక్కే ఒప్పుకుంటూ వచ్చింది. డాక్టరుకి చూపించుకోవాలని ఎవరూ అనలేదు. తనకీ తోచలేదు.

డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చింది మాత్రం భర్తకి ఒక రాత్రి పుల్లటి తేనుపులు వచ్చినప్పుడు. తన బాధ తాను చెప్పుకోలేడు కాబట్టి చెప్పడానికి కోడలు వెంట వెళ్ళింది. డాక్టరమ్మ అంతా విని, "తిన్న వెంటనే పడుకోకండి, అంతే" అని పంపించేసింది. భర్త లేచాడు. ఆవిడ లేవలేదు.

"నాకూ ఒకటి చెప్పుకోవాలండీ."

"ఆవిడకి ఎప్పుడూ ఉండేదేలెండి డాక్టరుగారూ" అన్నాడు భర్త.

"ఎప్పుడూ ఉండేదైతే ఎప్పుడో రావాల్సింది. కూర్చోండమ్మా" అంది డాక్టరమ్మ.

కొట్టుకి సెలవున్న రోజున ఒక్కతే వెళ్ళి పరీక్ష చేయించుకుంది. పరగడుపున ఏదో తీపినీళ్ళు తాగించి, మధ్యమధ్య ఒక గొట్టంలోకి ఊదమన్నారు. ఊదింది. ఫలితం చూసి డాక్టరమ్మ తాపీగా చెప్పింది.

"పాలల్లో ఒక రకం చక్కెర ఉంటుందమ్మా. దాన్ని విడగొట్టే ఎంజైము, లాక్టేజ్ అంటారు, చిన్నపేగులో తయారవుతుంది. పసిపిల్లలకి పుష్కలంగా ఉంటుంది, పెద్దయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. మీకు బాగా తగ్గింది. అరగని చక్కెర పెద్దపేగులోకి దిగితే అక్కడి సూక్ష్మజీవులకి విందుభోజనమే. ఆ చప్పుళ్ళన్నీ వాటివే."

"జబ్బా అండీ?"

"కాదు. ఒంటి తీరు."

"మరి సుకుమారం?"

"ఆ మాట మా పుస్తకాల్లో లేదమ్మా" అని నవ్వింది డాక్టరమ్మ.

బయటికొచ్చి నడిరోడ్డు మీద ఒక్కతే నవ్వుకుంది. ఇన్నాళ్ళూ తనని తాను ఎన్ని మాటలంది! చివరికి దొరికిన దొంగ కంటికి కనిపించనంత చిన్నది.

సాయంత్రం భోజనాల దగ్గర సంగతి చెప్పింది. భర్త ముఖం వెలిగిపోయింది. "ఇంతేనా! ఆ ఎంజైము మాత్రలు దొరుకుతాయటగా? పొద్దున్నే ఒకటి వేసుకుని తాగేయ్. గొడవ వదిలిపోతుంది."

ఆవిడ అన్నం కలుపుతూ ఆగింది. మాత్రలు సంచిలోనే ఉన్నాయి, కొనుక్కునే వచ్చింది. "వేసుకుంటాను, నాకు తాగాలనిపించిన రోజున" అంది. "మీకు తాగించాలనిపించిన రోజున కాదు."

గిన్నెలు తోముతుంటే అత్తగారు పక్కకి చేరింది. కాసేపు అటూ ఇటూ చూసి, "ఆ ఊదే పరీక్ష... నొప్పేస్తుందా?" అని గుసగుసగా అడిగింది.

కోడలి చేతిలో గిన్నె ఆగిపోయింది. "అత్తయ్యా! మీక్కూడానా?"

"నువ్వొచ్చిన వారం నీకంటే నేనే ఎక్కువ మురిశాను."

"తెలిసే నా చేతికిచ్చారా?"

"నీకు పడతాయేమో అనుకున్నా. పడట్లేదని తెలిశాక, నోరు విప్పితే మళ్ళీ నా చేతికే వస్తుందని..." అత్తగారు తలొంచుకుంది.

కోడలికి ఒళ్ళు మండింది. కాసేపు గిన్నెల మీద చూపించింది ఆ కోపమంతా. తిరిగి చూస్తే అత్తగారు పాత అలవాటుగా పొట్ట మీద చెయ్యేసుకుని, చిన్నపిల్లలా బిక్కముఖం పెట్టుకు నిలబడి ఉంది. ఆ చెయ్యి ఎందుకో కోడలికి చెప్పక్కర్లేదు. ముందు ఎవరికి నవ్వొచ్చిందో తెలియదు, ఇద్దరూ కళ్ళు తుడుచుకునే దాకా నవ్వారు.

మర్నాడు షట్టరు లేచింది. మామగారు గ్లాసు అందించారు. కోడలు దాన్ని బల్ల మీద పెట్టి, జనం వైపు తిరిగి, "నాకు పాలు పడవండీ" అంది. "పాలు మంచివే. నా పేగుకే అరగవు."

భర్త తల పట్టుకున్నాడు. వరసలో ముందున్న దర్జీ ఆవిడ గిన్నె చాపుతూ, "నాకూ పడవమ్మా, పిల్లల కోసం కొంటాను. రోజూ పోసినన్నే పొయ్యి" అంది. వెనక ఇంకెవరో, "తోడేసుకుంటే నాకు బానే ఉంటుంది" అన్నారు. ఒక్కరూ వెళ్ళిపోలేదు.

మామగారు పరువు నిలుపుకోవడానికి గ్లాసు భార్య వైపు జరిపారు. "ఏదీ, నువ్వు తాగు."

"నాకూ పడవు" అంది అత్తగారు.

"అదేంటే! ముప్ఫై ఏళ్ళు తాగావుగా!"

"తాగితే పడ్డట్టేనా?"

కోడలు కొలపాత్ర భర్త చేతిలో పెట్టి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "ఈ పూట కొట్టు మీరు చూసుకోండి. అత్తయ్యకి ఆ ఊదే పరీక్ష చేయించాలి, పరగడుపునే వెళ్ళాలి" అంది.

సందు మలుపు తిరిగాక అత్తగారు కొంగు సర్దుకుంటూ అడిగింది. "గట్టిగా ఊదాలా?"

"మెల్లగా ఊదినా చాలు అత్తయ్యా."

"లేదులే, గట్టిగానే ఊదుతాను. ముప్ఫై ఏళ్ళుగా బిగబట్టిన ఊపిరి ఉంది నా దగ్గర."