దాచిన వరసలు

మా ఆసుపత్రిలో పేర్లు తుడిచెయ్యడం నాకు నచ్చదు. ప్రొద్దుటూరులో మాది ఉచితంగా కంటి ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి. జమ్మలమడుగులో, పులివెందులలో శిబిరాలు పెట్టి, శుక్లాలు ముదిరినవాళ్లను ఏరి, వంతులవారీగా వ్యానులో తెచ్చుకుంటాం. ఆ శిబిరాల పని నాది. ఎవరికైనా ఆపరేషన్ కుదరదని డాక్టరుగారు చెబితే వాళ్ల పేరు పక్కన ‘వద్దు’ అని రాయిస్తాను గానీ, కంప్యూటరు షీటులోంచి తీసెయ్యనివ్వను. షుగరు దిగొచ్చు, బీపీ తగ్గొచ్చు. రేపు ఆ మనిషి వచ్చి నిలబడితే ‘నీ పేరే లేదు పో’ అనే పాపం నాకెందుకు?

కంప్యూటరు పని చూసే పవన్ కుమార్‌కు నా చాదస్తం తెలుసు. ‘మేడం ఏందీ తుడపనియ్యదు, అన్నీ దాపెడతాది’ అని నా వెనకాల అంటాడట. ముందర అనడు, నా నోరంటే భయం. అతనే ఈమధ్య ఫోన్లు దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాము ఒకటి, మాక్రో అంటారట, రాశాడు. అంతకుముందు ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పేసరికి నా గొంతు పోయేది. ఇప్పుడు షీటులో పులివెందుల అనీ, ఆపరేషన్‌కు సిద్ధం అనీ ఫిల్టరు పెడితే, మిగతా వరసలు మాయమై కావలసినవాళ్లే కనిపిస్తారు. మీట నొక్కితే చాలు, మాక్రో పైనుంచి కిందికి వరస వెంట వరస దిగుతూ ఒక్కో నంబరుకూ ఫోను చేసి, ముందే రికార్డు చేసిన నా గొంతు వినిపిస్తుంది: “రేపు మీకు కంటి ఆపరేషన్. తలకు పోసుకుని రండి.” ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు తల తడపకూడదు గనక ఆ మాట ముఖ్యం.

మొదటిసారి మీట నొక్కిన మర్నాడు ఆసుపత్రి వాకిలి తిరునాళ్లలా ఉంది. పులివెందుల వాళ్లు వ్యానులో వచ్చారు, అది సరే. వాళ్లు కాక బస్సుల్లో, ఆటోల్లో జమ్మలమడుగు వాళ్లు దిగుతున్నారు. అందరివీ తడి తలలే. వాళ్లలో చాలామందిని ‘వద్దు’ అని పంపించింది మేమే.

“ఏందప్పా ఇది?” అని పవన్ మీద ఎగిరాను.

అతను షీటు ముందు ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. “ఫిల్టర్ పెడితే వరసలు మన కంటికి కనపడవు గానీ, ఉండేటివి ఆడనే ఉంటాయి మేడం. మాక్రోకు దాచిందీ దాచనిదీ తెలీదు. మొదటి వరస కాడ్నుంచి ఆఖరు దాకా అన్నిట్నీ పలకరిస్తా పోయింది. ‘ఇది దాచిన వరసయితే దాటుకో’ అని రాయాల్సింది. నేను రాయలే.”

“చేతులు కాలినాక ఆకులు పట్టుకో! ఇప్పుడు వీళ్లకు ఏం చెప్పేది?”

చెప్పే పని నాదే. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, తప్పయిందని చెప్పాను. కొందరు తిట్టారు, పడ్డాను. చివరికి లాల్‌బీ మిగిలింది.

లాల్‌బీ జమ్మలమడుగులో పాత చీరలతో బొంతలు కుడుతుంది. పోయిన శిబిరంలో ఆమె కుడికన్ను చూసి, నీటికాసులతో నరం ఎండిపోయింది, ఏం చేసినా చూపు రాదు అన్నారు డాక్టరుగారు. ఆ మాట ఆమె చెవిన వేసింది నేనే. ఆమె ఏడవలేదు. “సూదిలో దారం ఎక్కియ్యడానికి యెడమది ఉంది లేమ్మా” అని లేచి పోయింది.

ఈసారి మనవరాలు ఆర్షియా చెయ్యి పట్టుకుని వచ్చింది. నా మాట వినగానే ముఖం ఇటు తిప్పింది.

“ఫోన్‌లో పిల్చింది నువ్వే కదమ్మా? గొంతు గుర్తుపట్టినా. నా కంటికి ఏదో మందు వచ్చింటాది, అందుకే పిలుస్తాండారు అనుకున్యా.”

కాదన్న మాట రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టం. అప్పుడు ఆమె ఏ ఆశా పెట్టుకుని రాలేదు. ఇప్పుడు ఆశ పెట్టింది నా గొంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

“లాల్‌బీ, అది పొరపాటున వచ్చిన ఫోను. ఆ కంటికి మందేమీ రాలే” అని చెప్పేశాను.

ఆమె ఊరికే తడి కొంగు పిండుకుంటూ కూర్చుంది. ఆర్షియాకు కోపం వచ్చింది.

“ఇంతదూరం వచ్చినాం, ఆ రెండోదన్నా చూడండి మేడం. ఇప్పుడు దారం నేనే ఎక్కిస్తాండా. మా నానీకి యెడమ కన్ను గూడా మబ్బుమబ్బుగా ఉంటాదంట.”

పవన్ షీటులో లాల్‌బీ వరస తీశాడు. ఎడమకన్ను గురించి రాయడానికి అందులో గడే లేదు. మాకు మనిషికి ఒక వరస, వరసకు ఒక నిర్ణయం. మనుషులకు రెండు కళ్లుంటాయన్న సంగతి కళ్ల ఆసుపత్రి వాళ్లమే మరిచిపోయాం. కుడికన్ను చూసి ‘వద్దు’ అని రాయగానే ఎడమకన్ను కూడా ఆ వరసతో పాటే దాక్కుంది. తుడిచెయ్యనివ్వను అని గొప్పలు పోయానే గానీ, దాచినవాటిని మళ్లీ ఎప్పుడైనా తెరిచి చూశానా?

డాక్టరుగారు ఆ కన్ను చూశారు. శుక్లం బాగా ముదిరింది, నరం మాత్రం బాగుంది, చేసేద్దాం అన్నారు.

కట్టు విప్పిన రోజు పవన్ క్షమాపణ చెప్పుకోవడానికి లాల్‌బీ మంచం దగ్గరికి వచ్చాడు. ఈలోపు మాక్రోను సరిదిద్దాడు. ఇప్పుడది కనిపించే వరసల దగ్గరే ఆగుతుంది.

“తప్పు ఫోన్ చేసినోడివి నువ్వేనా నాయనా? యాడ, ఇట్ల ముందుకు రా, చూస్తా.” నల్లద్దాల వెనకనుంచి తేరిపార చూసింది. “బాగనే ఉండావే!”

అందరం నవ్వాం. ఆమె నవ్వు మధ్యలోనే ఆపింది.

“మా వీధిలో సాజిదాకు గూడా ఆ ఫోన్ వచ్చిందమ్మా. ‘వద్దన్నోళ్లు మళ్లీ యాల పిలుస్తారు, ఏదో పొరపాటు పడింటారు’ అని ఇంట్లోనే కూచునింది.”

సాజిదా సరిగ్గానే అనుకుంది. అంతమందిలో సంగతి సరిగ్గా పట్టుకున్నది ఆమె ఒక్కతే. నమ్మి వచ్చిన లాల్‌బీ రెండో కన్ను చూశాం, రాని సాజిదాది ఎవరూ చూడలేదు.

వెంటనే పవన్‌ను తీసుకెళ్లి ఫిల్టరు తిరగేయించాను. ఈసారి ‘వద్దు’ అన్నవాళ్లు మాత్రమే తెర మీదికి వచ్చారు. ఇంతమందా అనుకున్నాను. అతను మీట మీద వేలు పెట్టబోయాడు.

“మీట వద్దప్పా” అని ఫోను నేనే తీసుకుని సాజిదా నంబరు కొట్టాను.

“సాజిదమ్మా, ఇది రికార్డు కాదు, అలివేలుమంగను మాట్లాడుతున్నా. నీ రెండో కన్ను మేము చూడనే లేదు. ఒకసారి వచ్చిపో. ఆపరేషన్ ఉంటాదో లేదో ఇప్పుడే చెప్పలేను.”

ఆమె మెల్లగా అడిగింది.

“తలకు పోసుకుని రావాల్నా అమ్మా?”