పడక సైకిల్‌కి జోడీ

శ్రీరామమూర్తికి నడుం పట్టేసిందంటే ఆఫీసులో ఒక్కరూ అయ్యో అనలేదు. నలభై ఏడేళ్ళ బ్రహ్మచారికి నడుం నొప్పి రాక ఇంకేం వస్తుందని నవ్వి ఊరుకున్నారు. మలక్‌పేట డాక్టరు మాత్రం ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, "ఇక ముందుకి వంగి సైకిల్ తొక్కడం మానెయ్యండి. వెనక్కి వాలి కూర్చోవడం అయితే ఎంతసేపైనా కూర్చోవచ్చు" అన్నాడు.

మానెయ్యడానికి అదేమన్నా చుట్టా, బీడీయా? అందరికీ వారానికి ఏడు రోజులుంటే మూర్తికి ఉన్నది ఒక్క ఆదివారం. రేపల్లె వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చాడు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. తన పెళ్ళి ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అంటూ వాయిదా వేస్తూ పోతే ఒకనాటికి అడిగేవాళ్ళే లేకుండా పోయారు. అందరూ కొంటున్నారు కదా అని దిల్‌సుఖ్‌నగర్ వెనకాల కొత్త కాలనీలో తనూ ఓ ప్లాటు కొని రెండు గదులు వేశాడు. తన ఇల్లు లేచింది గానీ పక్కిల్లు లేవలేదు. చుట్టూ హద్దురాళ్ళు, సర్కారు తుమ్మ. సాయంత్రం తాళం తీసుకుని లోపలికి వెళ్ళాడంటే మర్నాడు ఆఫీసుకి పోయేదాకా నోటికి పని ఉండేది కాదు. చారులో ఉప్పు ఎక్కువైతే వండినవాణ్ణి తిట్టుకోవాలన్నా ఆ వండినవాడు తనే.

అలాంటి మనిషికి ఆదివారం సైకిల్ సంఘం దొరికింది. రిటైరైన ఓవర్సీరు రామమోహనరావు దానికి పెద్ద. తెలతెలవారుతుండగా దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర కలుసుకుని, విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాకా తొక్కి, అక్కడి హోటల్లో టిఫిను తిని తిరిగొస్తారు. సంఘానికి ఒకటే కట్టుబాటు. ఎవరూ ఒంటరిగా తొక్కకూడదు, జోడీగా తొక్కాలి. చెయిన్ ఊడితే జోడీ ఆగాలి, మిరపకాయ బజ్జీల ప్లేటు జోడీకి ఒకటే. మూర్తికి జోడీ పాండురంగం. సరూర్‌నగర్ పాత ఊరివాడు. తాతల నాటి జొన్నచేలు ప్లాట్లయి, పైసలొచ్చి, పైసలతోబాటు పొట్టా వచ్చింది. దాన్ని కరిగించుకోవడానికి సైకిలెక్కాడు. కరిగిందేం లేదు గానీ, దారి పొడుగునా ఒకటే ముచ్చట్లు. ఏ రాయి కింద ఎవరి చేనుండేదో, ఏ బావిలో తను ఈత నేర్చుకున్నాడో అన్నీ చెప్పేవాడు. మూర్తి వారమంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ పక్క సైకిలుకే చెప్పేవాడు.

నడుం పుణ్యమా అని అదీ పోయింది. కొన్ని ఆదివారాలు గుమ్మంలో కూర్చుని తుమ్మచెట్లని చూశాడు. ఆ తర్వాత ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద ఓ పాత ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే బొమ్మ ఒకటి కనబడింది. ఎవరో దొరగారు హాయిగా వెనక్కి వాలి, కాళ్ళు ముందుకి చాపి సైకిలు తొక్కుతున్నాడు. మూర్తి అక్కడే నిలబడిపోయాడు. ఎంతయినా ఆఫీసులో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ కదా, ఆ రాత్రే గీత మొదలుపెట్టాడు. రెండు పాత సైకిళ్ళు కోయించి ఎల్‌బీ నగర్ దగ్గర లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేయించాడు. ముందుకి పిల్లల సైకిలు చక్రం, వాలడానికి పడక కుర్చీ గుడ్డ, సీటు కింద హ్యాండిలు. ఖాళీ ప్లాట్లలో పడుతూ లేస్తూ, మోచేతులు చెక్కించుకుంటూ నేర్చుకున్నాడు. ఈ వయసులో ఇదేం పిచ్చి అనేవాళ్ళు కూడా లేరు, అదొక సుఖం.

డిసెంబరులో ఓ ఆదివారం దాన్ని తొక్కుకుంటూ బస్టాపుకి వచ్చేసరికి సంఘమంతా నోళ్ళు వెళ్ళబెట్టింది.

"ఏం సాబ్, గిదేంది? పడక కుర్చీకి పెడళ్ళు వెట్టిన్రా?" అని పాండురంగం పొట్ట పట్టుకుని నవ్వాడు. మూర్తి లేని ఇన్నాళ్ళూ అతనికి పట్టాభి అనే బ్యాంకు కుర్రాడు జోడీ అయ్యాడు. పట్టాభిని పక్కకి జరగమని, "మా జోడీ మాకొచ్చిండు" అన్నాడు. ఆ ఒక్క మాటకి మూర్తికి ఇన్నాళ్ళ వెల్డింగు శ్రమకి ఫలం చేతికొచ్చినట్టయింది.

కానీ బస్టాపు దాటి కాస్త దూరం పోయేసరికే తిప్పలు మొదలయ్యాయి. పాండురంగం పైన, మూర్తి కింద. పాండురంగం ఏదో చెబుతాడు, అది గాలిలో పోతుంది. మూర్తి ఏదో అంటాడు, అది పాండురంగం పెడలు దగ్గరే ఆగిపోతుంది. పైగా వెనక నుంచి వచ్చిన లారీ ఒకటి మూర్తిని చూడనే లేదు, ఆఖరి నిమిషంలో చీదుకుంటూ పక్కకి తప్పుకుంది.

"జర పైలం సాబ్, లారోడికి మీరు కనవడరు" అన్నాడు పాండురంగం.

రామమోహనరావు అందరినీ ఆపి ఆలోచించాడు. ఓవర్సీరు బుర్ర కదా, నాలుగు మూలలా స్తంభాలు లేపితే తప్ప దానికి ఏదీ నిలబడదు. "మూర్తిగారిని మధ్యలో పెట్టి, నాలుగు మూలలా నలుగురు తొక్కండి" అన్నాడు. ముందు కుడివైపు పాండురంగం, ఎడమవైపు పట్టాభి, వెనకాల ఇంకో ఇద్దరు. మిగతావాళ్ళు ఆ వెనక. పాండురంగం దారివ్వమని బెల్లు కొడుతూ ఉండాలి.

ఆ రోజు మంచు ఎలా ఉందంటే, పది బారల దూరంలో మనిషి ఆనవాలు తెలియడం లేదు. సంఘానిదంతా తెల్ల చొక్కాలు, చలికి తలలకి తెల్ల తువ్వాళ్ళు. మూర్తికి వెనక్కి వాలితే పొట్ట మీదికి చలిగాలి కొడుతోంది. ఇంటి నుంచి తెచ్చుకున్న తెల్ల దుప్పటి గుండెల దాకా కప్పుకుని అంచులు నడుం కింద దోపుకున్నాడు. ఇక చూడండి మరి. ఒక్కరికైనా తట్టిందా? తట్టలేదు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి, ఆటోనగర్ మలుపు దగ్గరికి వచ్చారు. రోడ్డు పక్క తన టీ గుడిసె ముందు ఐలమ్మ అనే అవ్వ వాకిలి ఊడుస్తోంది. బెల్లు వినబడి తలెత్తింది. చీపురు కింద పెట్టింది. కాలి చెప్పులు విడిచింది. రెండు చేతులూ జోడించింది.

"గోవిందా, గోవిందా. ఏ తల్లి కన్న కొడుకో, గింత పొద్దుగాలనే తీస్కవోతున్రు" అంది.

బస్సు కోసం గొంతుక్కూర్చున్న ఒకాయన బీడీ ఆర్పి లేచి నిలబడ్డాడు. ఓ లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. పాండురంగం చెయ్యి బెల్లు మీదే ఉండిపోయింది. నలుగురికీ ఒకేసారి అర్థమైంది, తాము ఏం చేస్తున్నామో. కాళ్ళు ముందుగా, తెల్ల దుప్పటి కింద, మధ్యలో మనిషి.

పట్టాభి ముందు కిసుక్కుమన్నాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు.

హయత్‌నగర్ హోటల్లో ప్లేట్లు వచ్చినా చేతులు కదలడం లేదు. మూర్తి ఒక్కడే నవ్వుతున్నాడు. నవ్వడమేంటి, మనిషి వెలిగిపోతున్నాడు. "నాకెప్పుడూ ఒకటే బెంగండీ. పెళ్ళాం పిల్లలు లేనివాణ్ణి, రేపేమన్నా అయితే మొయ్యడానికి నలుగురు ఎక్కణ్ణుంచి వస్తారా అని. ఇవాళ తేలిపోయింది, మీరున్నారు" అన్నాడు.

నోట్లో మాట నోట్లో ఉంటే ఎంత బాగుండేది. తథాస్తు దేవతలు అక్కడక్కడే తిరుగుతుంటారంటారు. అది వేళాకోళం కాదు, ఆయన మనసులో మాట, అందుకే అంత చప్పున పైకి వచ్చేసింది. ఎన్నో ఏళ్ళుగా ఆయనకి అంత నిశ్చింతగా అనిపించలేదు.

"గా మాట తియ్యకుండ్రి సాబ్" అన్నాడు పాండురంగం. బజ్జీల ప్లేటు మూర్తి వైపు తోశాడు. తను ముట్టుకోలేదు.

ఆ వారం మూర్తికి కుదురు లేదు. మధ్యలో ఓ సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా సరూర్‌నగర్‌లో పాండురంగం ఇంటికి వెళ్ళాడు. గేటు దగ్గరే వాళ్ళమ్మ ఇంద్రమ్మ ఎదురొచ్చింది. ఎప్పుడొచ్చినా మంచినీళ్ళు, మురుకులు పెట్టే మనిషి. ఆ రోజు గేటు తియ్యలేదు.

"బతికున్నోన్ని నా కొడుకుతోని మోయించుకుంటివి గద బిడ్డా. వాన్ని గడప తొక్కనియ్యక, బాయికాడ నిలవెట్టి బట్టల మీదనే నీళ్ళు గుమ్మరిచ్చిన. కొత్తింటి పండుగ ముంగట వెట్టుకొని గిదేం అరిష్టం?" అంది. కోపంగా అనలేదు, భయంగా అంది.

"పొరపాటైందమ్మా" అని వెనుదిరిగాడు.

సందు చివర పాండురంగం ఆయాసపడుతూ వచ్చి అందుకున్నాడు. "అమ్మ మాట వట్టిచ్చుకోకుండ్రి సాబ్. పెద్దమనిషి, పరేషాన్ల ఉన్నది. ఆదివారం నేనొస్త. నల్గురొద్దు, ఏమొద్దు. మీ పక్కపొంటి నేనే. మనిద్దరమే జోడీ."

"మీరు రాకపోతే నేను మాత్రం ఎందుకండీ వచ్చేది" అన్నాడు మూర్తి. అంత ముసుగు లేకుండా ఆయన ఎవరితోనూ మాట్లాడి ఎరగడు.

ఇక అక్కణ్ణుంచి శనివారం దాకా ఆయన చేసిన హడావుడి చూస్తే పెళ్ళికొడుకు కూడా సిగ్గుపడాలి. సీటు వెనక చెక్క దిమ్మ పెట్టి సగం లేచి కూర్చునేలా చేశాడు. నడుం మళ్ళీ సలపడం మొదలెట్టింది, సలపనీ అనుకున్నాడు. అలా కూర్చుంటే పాండురంగానికి మొహం కనబడుతుంది, మాట వినబడుతుంది. దుప్పటి పెట్టెలో పడేశాడు. కోఠీ వెళ్ళి ఎర్ర స్వెట్టరు కొన్నాడు. ఎర్ర స్వెట్టరు వేసుకున్న శవాన్ని ఎవరన్నా చూశారా, పోనీ.

ఆదివారం అందరికంటే ముందే బస్టాపులో ఉన్నాడు. ఒక్కొక్కరే వచ్చారు. స్వెట్టరు బాగుందన్నారు. సీటు ఎత్తడం మంచి పని చేశారన్నారు. పాండురంగం ఆఖరున వచ్చి, దిగీ దిగకముందే వంగి టైరులో గాలి చూసుకోవడం మొదలెట్టాడు.

"మూర్తి సాబ్, మీరు ముందల వోతుండ్రి. మీ బండి ఎత్తు ఎక్కుడుకు జర నిదానం గద. చౌరస్తా కాడ ఒచ్చి కలుస్తం" అన్నాడు టైరుతో.

రామమోహనరావు గొంతు సవరించుకుని, "అవునవును, మీరు కదలండి" అన్నాడు.

మూర్తి నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? కదిలాడు. చైతన్యపురి, కొత్తపేట దాటాడు. మంచు లేదు, ఎండ ముక్కలు రోడ్డు మీద పడుతున్నాయి. కాలనీల బోర్డులు ఆ వారంలోనే ఇంకో నాలుగు లేచాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి వెనకాల బెల్లులు వినబడ్డాయి. గుంపుగా, తెలిసిన బెల్లులు. మూర్తి నెమ్మది చేశాడు. కుడిపక్క ఒక సైకిలు పట్టేంత చోటు వదిలి, రోడ్డు అంచుకి జరిగాడు. పాండురంగంతో మొదట ఏం చెప్పాలో కూడా అనుకున్నాడు.

బెల్లులు దగ్గరికి వచ్చాయి. ఆ తర్వాత కుడివైపుకి తిరిగాయి. కాసేపటికి సన్నబడ్డాయి.

మూర్తికి మెడ తిప్పితే వెనక కనబడదు. కాలు కింద ఆన్చి, ఒళ్ళంతా మళ్ళించి చూశాడు. చౌరస్తాలో కుడికి చీలే సాగర్ రోడ్డు మీద తెల్ల చొక్కాలు రెండేసి చొప్పున పోతున్నాయి. పాండురంగం పక్కన పట్టాభి ఉన్నాడు. పాండురంగం చేతులూపుతూ ఏదో చెబుతున్నాడు, ఎవరి చేను ఎక్కడుండేదో అయ్యుంటుంది.

పిలిస్తే వినబడేంత దూరమే. పిలవలేదు. పిలిస్తే వాళ్ళు ఆగేవాళ్ళు కూడా, ఆ సంగతీ ఆయనకి తెలుసు. ఆగి, దారి తప్పామని ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. అది వినడం ఆయన వల్ల కాదనిపించింది. ఇంటికి మళ్ళుదామా అంటే ఇంట్లో మాత్రం ఎవరున్నారు? పెడలు మీద కాలేసి విజయవాడ రోడ్డునే ముందుకి పోయాడు. కళ్ళు మసకబారాయి. చెయ్యి వదిలితే సైకిలు పడుతుంది, అందుకని తుడుచుకోలేదు.

ఆటోనగర్ మలుపు దగ్గర ఐలమ్మ గిన్నెలు తోముతోంది. ఎదురుగా వస్తున్న కాళ్ళు చూసింది, ఆ కాళ్ళ వెనక మొహం చూసింది. చేతిలో గిన్నె జారిపోయింది. మూర్తి ఆపాడు.

"నువ్వు... మొన్న పోయినోనివి గాదా?"

"పోలేదమ్మా. ఇది సైకిలు. కూర్చుని తొక్కుతానంతే."

అవ్వ దగ్గరికొచ్చి చక్రం ముట్టుకుని చూసింది. ఆయన భుజం మీద వేలితో పొడిచి చూసింది. అప్పుడు అందుకుంది. "నీ ఇంట్ల పీనుగెల్ల, నీకోసం చన్నీళ్ళు నెత్తి మీద వోస్కున్న. పొద్దూకెదాంక బుక్క ముట్టలే. ఎవరి కొడుకో, తల్లి ఎంత ఏడుస్తున్నదో అని నేనే ఇంత ఏడ్చిన. నువ్వు గిట్ల ఎర్ర స్వెట్టరేస్కొని తిరుగుతున్నవా?"

ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది. మూర్తి వింటూ నిలబడ్డాడు. తన కోసం ఒక మనిషి ఒక పూట అన్నం మానేసిందన్న సంగతి ఆయనకి కొత్త. ఆవిడ తిట్టడం ఆపకుండా ఉంటే బాగుండుననిపించింది.

అవ్వకి ఆయాసం వచ్చి ఆగింది. టీ పోసి గ్లాసు చేతికిచ్చింది. ఆయన తాగుతుంటే రోడ్డుకి అటూ ఇటూ చూసింది.

"మొన్న నీ చుట్టూ నల్గురుండిరి గద బిడ్డా, యాడ వోయిన్రు? ఒక్కనివే ఒస్తివి?"

మూర్తి గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ సీటులో వాలి, పెడలు మీద కాలు పెట్టాడు.

"వెనకాల వస్తున్నారమ్మా" అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ఐలమ్మ పొయ్యి మీద ఇంకో గిన్నెడు నీళ్ళు పెట్టింది. నాలుగు గ్లాసులు కడిగి బోర్లించింది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎల్‌బీ నగర్ వైపు చూస్తూ నిలబడింది.