మూడడుగుల తేడా

పెళ్లయి నలభై రెండు రోజులైనా నిషితకు పొద్దున లేవగానే నవ్వొచ్చేది. గిన్నెల స్టాండులో రెండు కప్పులు పక్కపక్కన బోర్లించి ఉండటం చూసినా నవ్వే. భర్త వంశీ చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని, అద్దంలో చూసుకుని కూడా కనిపెట్టకపోతే ఇంకా నవ్వు. అతను ఆమెను పటాన్‌చెరులో హైవే పక్కన బైకు మీంచి దింపి సంగారెడ్డి వైపు వెళ్లిపోయేవాడు. టైర్ల దుకాణం పక్కనున్న మెట్లెక్కుతూ ఆమె ఏదో ఒకటి కూనిరాగం తీస్తూనే ఉండేది. ఆ మెట్ల మీద రబ్బరు కంపు. గాలి బొల్లారం నుంచి వీస్తే దానికి తోడు మందుల కంపు. ఆ రోజుల్లో ఆమెకు రెండూ పట్టేవి కావు.

మెట్ల పైన ఆఫీసు. ఫ్యాక్టరీ షెడ్లకు, గోదాములకు నక్షలు గీసి ఇవ్వడం అక్కడి పని. యజమాని శ్రీకర్‌కు నలభై ఏళ్లుంటాయి, ఎప్పుడూ ఫోనులోనే ఉంటాడు. ఇరవై రెండేళ్లుగా అక్కడి నక్షలన్నీ గీస్తున్నది లక్ష్మీకాంతం సార్. పాత సాఫ్ట్‌వేర్‌లో ఆయన ఎడమచెయ్యి కీబోర్డు మీద, కుడిచెయ్యి మౌసు మీద, చూపు మాత్రం తెర మీద. వేళ్లు కదులుతుంటే గోడలు పుట్టుకొచ్చేవి. నిషిత చేరిన మొదటిరోజే ఆయన ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, నక్ష మీద స్కేలు పెట్టి కొలవొద్దని, అందులో రాసిన అంకెనే చదవాలని చెప్పాడు. సైటు వాళ్లకూ, మేస్త్రీలకూ, కొత్తగా వచ్చినవాళ్లకూ అందరికీ అదే చెప్పేవాడు.

పాత పద్ధతిలో గోడంటే రెండు గీతలు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో గోడంటే గోడే. దానికి ఎత్తుంటుంది, మందముంటుంది, అందులో పెట్టిన తలుపు తెరుచుకుంటుంది. ఒకచోట తలుపు జరిపితే అన్ని షీట్లలోనూ అదే జరుగుతుంది. నిషిత కాలేజీలో నేర్చుకున్నది ఇదే. లక్ష్మీకాంతం సార్‌ను కూడా రెండువారాలు శిక్షణకు పంపారు కానీ, ఆయన చెయ్యి మాటిమాటికీ పాత అలవాటు మీదికే పోయిందట.

శ్రీకర్ ఆమెకు ఒక పని అప్పగించాడు. బొల్లారంలో ఒక మందుల కంపెనీకి రెండేళ్ల కిందట ఈ ఆఫీసే ప్యాకింగ్ హాలు గీసి ఇచ్చింది. ఆ పాత ఫైళ్లు ముందు పెట్టుకుని అదే భవనాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లో తయారు చేయాలి. ఎన్నిరోజులు పట్టింది, ఏది ఎక్కడ సులువు, ఎక్కడ కష్టం, అన్నీ పోల్చి రిపోర్టు ఇవ్వాలి. కొత్త పద్ధతి మేలని తేలితే ఆఫీసంతా దానికి మారుతుంది, నిషిత ఉద్యోగం ఖాయమవుతుంది, లక్ష్మీకాంతం సార్ ఇంటికి వెళ్తాడు. మూడో సంగతి శ్రీకర్ నోటితో అనలేదు. అనకపోయినా ఆఫీసులో తెలియనివాళ్లు లేరు.

పాత పద్ధతిలో ఆ హాలుకు పదకొండు రోజులు పట్టింది. నిషిత మూడోరోజుకే పైకప్పు దాకా వచ్చేసింది. పాత నక్షను కింద పరుచుకుని, గీతల మీద గోడలు నిలబెట్టుకుంటూ పోయింది. తెరమీద ఆ హాల్లో నడుస్తుంటే కొత్తింట్లో తిరిగినట్టే సంబరంగా ఉండేది. ఇంట్లో వంశీకి చేతులు తిప్పుతూ చెప్పేది, అతను జొన్నరొట్టె తింటూ ఏమీ అర్థంకాకపోయినా తలూపేవాడు.

నాలుగోరోజు తూర్పుగోడలో ఎమర్జెన్సీ తలుపు పెడుతుండగా ఒకచోట తేడా కనిపించింది. గీత ప్రకారం మూలనుంచి తలుపు రెండువేల నాలుగువందల మిల్లీమీటర్ల దూరంలో ఉంది. కానీ పాత నక్షలో ఆ గీతమీద రాసి ఉన్న అంకె మూడువేల మూడువందలు. అంటే మూడడుగుల తేడా. నిషిత మౌసు ఆగిపోయింది. లక్ష్మీకాంతం సార్ నాలుగు కుర్చీల అవతలే ఉన్నాడు. లేచివెళ్లి అడిగితే ఒక్క నిమిషం పని. కానీ అడిగితే ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో బయటపడతాయి, ఒక్కొక్కటీ ఆయన దగ్గర సరిచూసుకోవాలి, నాలుగురోజులు కాస్తా వారమవుతుంది. పైగా ఆయన కుర్చీనే తూకం వేస్తూ ఆయన్నే సాయం అడగడం ఆమెకు ముల్లులా ఉంది. ఆ అంకె ఏ తొందరలోనో పడిన తప్పై ఉంటుందనుకుంది. తలుపును గీత ఉన్నచోటే పెట్టింది. కొత్త సాఫ్ట్‌వేర్ తనంతట తానే రెండువేల నాలుగువందలని రాసుకుంది.

ఆ సాయంత్రమే శ్రీకర్ ఆ మోడల్‌ను కంపెనీవాళ్లకు చూపించాడు. వాళ్లకు తెగ నచ్చింది. హాలు పక్కన కొత్త షెడ్డు వేయాలనుకుంటున్నారు, దాని స్తంభాలు కూడా ఇందులోనే పెట్టివ్వమన్నారు. నిషిత పెట్టింది. మోడల్‌లో స్తంభం తలుపుకు అడ్డం రాకుండా పక్కకు ఉంది, మనిషి నడిచేంత చోటుంది.

మూడువారాల తర్వాత, రిపోర్టు ఇవ్వాల్సిన వారంలో, స్తంభాల పని చూసిరమ్మని శ్రీకర్ వాళ్లిద్దరినీ బొల్లారం పంపాడు. షేర్ ఆటోలో లక్ష్మీకాంతం సార్ తన పక్కన చోటు చేసి, ఎండ పడకుండా ఆమెను లోపలివైపు కూర్చోబెట్టాడు. దారిపొడుగునా వంశీ గురించి అడిగి, ఆమె చెబుతుంటే నవ్వాడు.

సైటు సూపర్‌వైజర్ ఓదెలు వాళ్లను హాలు వెనక్కి తీసుకెళ్లాడు. కొత్త స్తంభాలకు పోసిన కాంక్రీటు దిమ్మెలు వరసగా ఆరుతున్నాయి. నడుమెత్తు ఉన్నాయి ఒక్కొక్కటి. మూడో దిమ్మె సరిగ్గా ఎమర్జెన్సీ తలుపు ముందుంది.

లోపల ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు పదిహేనుమంది, గుమ్మడిదల వైపునుంచి కంపెనీ బస్సులో వచ్చేవాళ్లు. వాళ్లలో మల్లమ్మ అనే ఆమె లోపలినుంచి తలుపు నెట్టి చూపించింది. తలుపు దిమ్మెకు తగిలి ఠక్కుమంది. జానెడు సందు. అందులోంచి ఆమె ముఖంలో సగమే కనిపించింది.

"సూడుండ్రి సారూ. పోయిన ఎండకాలం పైపు లీకైనప్పుడు మేమందరం గీ తలుపుకెల్లే ఉరికినం. ముందు తలుపు దిక్కే గ్యాసు ఉండె. ఇగ గిప్పుడు యాడికెల్లి ఉరకాలె?"

లక్ష్మీకాంతం సార్ జేబులోంచి టేపు తీసి మూలనుంచి తలుపుదాకా కొలిచాడు. మూడువేల మూడువందలు. టేపు చుట్టుకోవడానికి ఆయనకు రెండుసార్లు పట్టింది.

రెండేళ్ల కిందట గోడ కడుతుండగా ఒక పైపు అడ్డమొచ్చి తలుపును మూడడుగులు జరపాల్సి వచ్చిందని ఆయన చెప్పాడు. ఏడు షీట్లలో గీతలన్నీ జరపాలంటే రెండురోజులు. మేస్త్రీలు ఇటుకలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన గీతను కదపకుండా, దానిమీది అంకె ఒక్కటీ మార్చి పంపేశాడు. ఆ ఆఫీసులో ఎప్పుడూ అంతే చేసేవారు. అంకె చూసి కట్టేవాళ్లకు గీతతో పనిలేదు.

ఓదెలు ఫోన్ మాట్లాడటానికి అవతలికి వెళ్లాక ఆయన ఆమెవైపు తిరిగాడు.

"నేను మార్చిన అంకె నీకు అవుపడలేదా బిడ్డా?"

అడగడంలో నింద లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. దిమ్మెమీద తడిపిన గోనెపట్టాల నుంచి నీళ్లు కారుతున్నాయి. నిషిత వాటినే చూసింది.

"అవుపడలేదు సార్."

"గట్లనా. ఉత్త గీతలే పట్టుకుని పోతివి. నీ తప్పేమున్నది, నాకు గీతలు జరపాలన్న సోయి లేకపాయె."

ఆయన అంత సులువుగా నమ్మాడు. ఒక్కసారి మళ్లీ అడిగి ఉంటే చెప్పేదాన్నని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

కంపెనీ మేనేజరు మొదట ఒప్పుకోలేదు. దిమ్మె పగలగొడితే షెడ్డు పని ఆగిపోతుంది, ఆ తలుపును ఎవరూ రోజూ వాడరన్నాడు. తప్పు డిజైన్ ఆఫీసుదేనని, ఎవరు చేశారో పేరుతో సహా రాసిస్తే అప్పుడు పైవాళ్లకు చెప్పి పగలగొట్టిస్తానన్నాడు. ఆ మాట చెప్పి శ్రీకర్ ఇద్దరి ముఖాలూ చూశాడు. ఎవరో ఒకరి పేరు కావాలి, ఇద్దరివి రాస్తే ఆఫీసే పనికిరానిదనుకుంటారన్నాడు.

"నాదే రాసుకో శ్రీకర్," అన్నాడు లక్ష్మీకాంతం సార్. "ఆడ పదిహేనుమంది ఆడోళ్లున్నరు. దినాలు జరపకు."

ఆయనకు ఉత్తరాలు టైపు చేయడం అలవాటు లేదు. నిషిత పక్కన కుర్చీ వేసుకుని చెబుతుంటే ఆమె కొట్టింది. కొలత అంకె మార్చి గీత మార్చకపోవడం తన పొరపాటని, దానివల్లే స్తంభం తలుపుకు అడ్డం వచ్చిందని, వెంటనే దిమ్మెను తొలగించాలని కోరుతున్నానని. అక్కడితో అయిపోయిందనుకుని ఆమె ప్రింటు కొట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకొక్క ముక్క పెట్టు. మోడల్ చేసిన పిల్లకు ఈ సంగతి తెల్వదని. రేపు నీమీద ఎవలూ మాట అనొద్దు గదా."

ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. చెప్పాలనుకుంటే ఇదే సమయం. నాకు కనబడింది సార్, చూసే వదిలేసిన. అంతే, నాలుగు మాటలు. ఇంట్లో వంశీ అప్పటికే వాళ్లమ్మకు ఫోనుచేసి, నిషి ఉద్యోగం పక్కా అవుతోందని చెప్పేశాడు. ఆమె ఆ వాక్యం టైపు చేసింది. అచ్చుతప్పులున్నాయేమోనని ఒకసారి చదివింది కూడా. లేవు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కింద పొడుగ్గా సంతకం చేశాడు.

పదిరోజుల తర్వాత దిమ్మె పగలగొట్టేరోజు శ్రీకర్ ఆమెను ఒక్కదాన్నే పంపాడు. రిపోర్టు అప్పటికే అందింది. ఎన్నిరోజుల పని ఎన్నిరోజుల్లో అయిందో అందులో ఉంది. గీతకూ అంకెకూ తేడా వస్తే ఏం చేయాలన్న సంగతి లేదు. ఒకటో తారీకు నుంచి లక్ష్మీకాంతం సార్ రావడం మానేశాడు. చెప్పి వెళ్లడానికి వచ్చినరోజు ఆమె సెలవులో ఉంది.

డ్రిల్లింగ్ మిషన్ మోతకు హాలు గోడ అదురుతోంది. తెల్లటి దుమ్ము లేచి ఆమె జుట్టులో, కొత్త చీరంచు మీద పడింది. మధ్యాహ్నానికి కాంక్రీటు రాలిపోయి వంకర ఇనుప కడ్డీలు మిగిలాయి. వాటిని కోసేశాక ఓదెలు లోపలివాళ్లను కేకేశాడు. మల్లమ్మ తలుపు నెట్టింది. అది గోడకు తగిలేదాకా వెళ్లింది. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు గుమ్మం దాటి బయటికొచ్చి ఎండలో నిలబడ్డారు, ఊరికే, వచ్చి చూడటానికి.

ఓదెలు రిజిస్టరు తెచ్చి ఆమెకిచ్చాడు. పని పూర్తయిందని సంతకం పెట్టాలి. కారణం అన్న గడి ఖాళీగా ఉంది.

"ఏం రాయాలె మేడం? గా ముసలాయన తప్పే గదా, ఉత్తరంల గట్లనే ఉండె."

నిషిత పెన్ను తీసుకుంది.

"అవును," అంది. "ఆయనదే."

కారణం గడిలో ఆ మాటే తన చేత్తో రాసి, కింద సంతకం పెట్టి, రిజిస్టరు ఓదెలు చేతికిచ్చింది.